కూలి కోసం కట్టే డిపాజిట్టు

ఇంటి నుంచి కదలకుండా, తీరిక వేళల్లో చేతిపని చేసుకుంటూ నెలకు పదిహేను, ఇరవై వేలు సంపాదించవచ్చని ఊరించే ప్రకటనలు విశాఖ వాసులకు కొత్త కావు. ఒకప్పుడు కరెంటు స్తంభాలకు, బస్సు షెల్టర్ల గోడలకు అంటించిన కాగితాల మీద కనిపించిన ఈ మాటలు ఇప్పుడు నేరుగా ఫోన్లలోకి వచ్చి చేరాయి. పూసల దండలు, పట్టుదారం గాజులు, కీచైన్లు, రాఖీలు, పేరంటాల్లో పంచే కానుక సంచులు, వీటిలో ఏదో ఒకటి తయారు చేయడానికి కావలసిన సామగ్రి అంతా ఒక డబ్బాలో పెట్టి పంపుతామంటారు. ఆ ముక్కలను కూర్చి తిరిగి పంపితే ఒక్కొక్కదానికి ఇంత అని చెల్లిస్తామంటారు. డబ్బా రావాలంటే మాత్రం ముందుగా డిపాజిట్టు కట్టాలి. వెయ్యి, రెండు వేలు, ఒక్కోసారి అయిదు వేలు. మొదటి సరుకు అందగానే ఆ సొమ్ము వాపసు ఇస్తామన్న హామీ కూడా ఉంటుంది.

డబ్బు తీసుకుని మాయమయ్యేవారు కొందరున్నా, చాలా సందర్భాల్లో డబ్బా నిజంగానే వస్తుంది. నమ్మకం కుదిరేది అక్కడే. మోసమే అయితే సామగ్రి ఎందుకు పంపుతారు అనుకుంటారు. పిల్లలను బడికి పంపాక, మధ్యాహ్నం వంటపని తీరాక, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని యాభయ్యో వందో వస్తువులు పూర్తి చేస్తారు. కొరియర్ ఖర్చు తామే పెట్టుకుని చెప్పిన చిరునామాకు పంపుతారు. వారం, పది రోజులకు జవాబు వస్తుంది. జిగురు మరకలు కనిపిస్తున్నాయి, పూసల మధ్య ఎడం సమంగా లేదు, మా నాణ్యతకు సరిపోలేదు అని. చెయ్యి తిరగడానికి మరో డబ్బా తెప్పించుకోమని సలహా కూడా ఇస్తారు. దానికి మళ్లీ డబ్బు కట్టాలి. రెండోసారీ అదే జవాబు విని మానుకున్నవారికి డిపాజిట్టు రాదు, పంపిన వస్తువులూ తిరిగి రావు.

ఈ వ్యాపారానికి ఆయువుపట్టు ఆ తిరస్కరణే. సరుకు బాగుందో లేదో తేల్చే అధికారమూ, డిపాజిట్టు దగ్గర ఉంచుకునే వీలూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు ఏ వస్తువూ ఎప్పటికీ బాగుండదు. బాగుందని ఒప్పుకుంటే కూలి ఇవ్వాలి, డిపాజిట్టు వాపసు చేయాలి. బాగాలేదంటే రెండూ మిగులుతాయి. వస్తువులు అమ్మి బతికే వ్యాపారికి సరుకు చెడిపోతే నష్టం. అందుకే అతను పనివారికి దగ్గరుండి నేర్పుతాడు, మొదటి రోజే తప్పులు దిద్దుతాడు, పని రానివారికి అసలు సామగ్రే ఇవ్వడు. డబ్బాలు అమ్మి బతికేవారికి ఈ అవసరమేమీ లేదు, పని రానివారు ఎంతమంది చేరితే వారికి అంత లాభం. కనుక ఇటువంటి ప్రకటన కంటబడినప్పుడు నెలకు ఎంత వస్తుందని అడగడం కంటే, ఈ గాజులు ఏ ఊళ్లో, ఏ దుకాణంలో, ఎంతకు అమ్ముతున్నారని అడగడం మేలు. నిజంగా అమ్మేవారైతే ఆ దుకాణం పేరు చెప్పడానికి వెనకాడరు.

ప్రకటనల్లోని సంపాదనను కాగితం మీద లెక్క వేసి చూసినా విషయం బయటపడుతుంది. ఉదాహరణకు ఒక కీచైన్‌కు 12 రూపాయలు ఇస్తామన్నారనీ, నెలకు 20 వేలు వస్తాయన్నారనీ అనుకుందాం. ఆ మొత్తం రావాలంటే నెలకు దాదాపు 1,667 కీచైన్లు కావాలి. ఆదివారాలు తీసేసి 26 రోజులు పనిచేస్తే రోజుకు 64. ఒక్కొక్కటి కూర్చడానికి ఇరవై నిమిషాలు పడితే రోజుకు 21 గంటలకు పైగా కూర్చోవాలి. రోజుకు ఎనిమిది గంటలు తల ఎత్తకుండా పనిచేసి, ఒక్క వస్తువూ తిరస్కరణకు గురికాకపోయినా ఏడున్నర వేలు దాటదు. అందులోంచి కొరియర్ ఖర్చు పోవాలి. తీరిక వేళల్లో సంపాదన అని చెప్పిన మాటకూ, ఈ లెక్కకూ పొంతన ఎక్కడ?

ఇంటిపట్టున ఉండి చేసే పని అంతా మోసమేనని మేము అనడం లేదు. ఈ నగరంలో అటువంటి పని మీద ఎన్నో సంసారాలు నడుస్తున్నాయి. చీరలకు ఫాల్ కుట్టి పీకో చేసేవారు, జాకెట్లకు హుక్సులు, చేతికుట్టు వేసేవారు, మగ్గం వర్క్ చేసేవారు, తెల్లవారుజామున పూలు తెచ్చుకుని మాలలు కట్టి మూరల లెక్కన ఇచ్చేవారు, అప్పడాలు, వడియాలు పెట్టి దుకాణాలకు వేసేవారు మన వీధుల్లోనే ఉన్నారు. వీరికి వచ్చేది తక్కువే. పండుగల ముందు నిద్ర ఉండదు, ఆషాఢంలోనూ మూఢంలోనూ పని ఉండదు. అయినా వీరికి పని ఇచ్చే మనిషి ఎవరో తెలుసు. పూర్ణా మార్కెట్‌లోనో, కురుపాం మార్కెట్‌లోనో, కాలనీ చివరనో అతని దుకాణం కనిపిస్తుంది. ఉదయం ఇచ్చిన సరుకు సాయంత్రానికో మర్నాటికో తిరిగి వెళుతుంది, కుట్టు వంకర పోతే ఎదురుగా కూర్చోబెట్టి విప్పించి మళ్లీ వేయిస్తాడు, కూలి ఆలస్యమైతే వెళ్లి నిలదీయవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, అతను చీర చేతికిస్తాడే తప్ప చీర ఖరీదు డిపాజిట్టుగా అడగడు.

చవక వస్తువుల పని ఇలా దగ్గరలోనే జరగడానికి ఒక కారణం ఉంది. పది, పదిహేను రూపాయల కూలి పడే వస్తువు సామగ్రిని వేరే రాష్ట్రం నుంచి కొరియర్‌లో పంపి, పూర్తయిన వస్తువును మళ్లీ కొరియర్‌లో తెప్పించుకుంటే ఆ రానుపోను ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. తన ఊళ్లోనే ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ఇరవై మందిని కూర్చోబెడితే ఎవరికైనా అంతకంటే చవకగా పని జరుగుతుంది. ఆ పని మానేసి వందల మైళ్ల దూరంలోని గాజువాకకో మధురవాడకో డబ్బా పంపుతున్నారంటే, వారి ఆదాయం గాజుల మీద లేదని తెలుసుకోవాలి.

చేతిపని విలువ గురించి కూడా ఒక మాట చెప్పాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, ఉమ్మడి విశాఖ జిల్లా గర్వించిన ఊరే. అక్కడ అంకుడు కర్రను చిత్రిక పట్టి, తిరుగుతున్న బొమ్మకు లక్క రంగు ఎక్కించడం ఒక మధ్యాహ్నంలో వచ్చే విద్య కాదు. గింజల నుంచి, బెరళ్ల నుంచి, ఆకుల నుంచి రంగులు తీయడం మీద ఏళ్ల తరబడి సాగిన శ్రమ వల్లే ఆ బొమ్మలు నిలిచాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆ కృషికి గాను సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంత పేరున్నా అక్కడి కళాకారులు మార్కెట్ కోసం ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నారు. నైపుణ్యం పండిన చేతికే కొనుగోలుదారు కోసం ఇంత ఆరాటం తప్పనప్పుడు, అనుభవం అక్కర్లేదు, ఎవరైనా చేయవచ్చు, ఎంత చేస్తే అంతా కొంటాం అనే మాటను ఎలా నమ్మడం?

ఇలా నష్టపోయినవారిని అత్యాశకు పోయారని నిందించడం మన సమాజానికి అలవాటైపోయింది. ఈ మాటను మేము అంగీకరించం. అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమకో, దువ్వాడ సెజ్‌కో వెళ్లి పనిచేయాలంటే తెల్లవారకముందే బస్సు ఎక్కాలి, చీకటి పడ్డాక ఇంటికి చేరాలి. మూడేళ్ల పిల్లవాడు ఉన్న తల్లికి, మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటున్న కోడలికి, ఇల్లు దాటి ఉద్యోగం చేయడానికి మగవాళ్లు ఒప్పుకోని ఇంట్లో ఉన్న అమ్మాయికి ఆ దారి మూసుకుపోయి ఉంది. కాంట్రాక్టు కూలీగా వెళ్లే భర్తకు జీతం ఆగిన నెలలో అద్దె కట్టడానికి రెండు వేలు సంపాదించాలన్న తాపత్రయం అత్యాశ ఎలా అవుతుంది? పైగా డిపాజిట్టు సొమ్ము చాలాసార్లు పొదుపు సంఘం అప్పులోంచో, చేబదులుగానో వచ్చి ఉంటుంది. పోయిందని ఇంట్లో చెబితే ముందే చెప్పాం కదా అన్న మాట పడాలి. అందుకే చాలామంది నోరు విప్పరు. రెండు వేల కోసం స్టేషన్ మెట్లు ఎక్కడమా అని ఊరుకుంటారు. ఒక్కొక్కరి దగ్గర పోయేది చిన్న మొత్తమే కావడం, వందలమంది దగ్గర అలాగే పోవడం ఈ మోసగాళ్లకు దొరికిన గొప్ప రక్షణ.

కొన్ని పథకాల్లో మరో మెలిక ఉంటుంది. ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామని, డిపాజిట్టు త్వరగా వస్తుందని చెబుతారు. పోగొట్టుకున్న సొమ్ము రాబట్టుకోవాలన్న ఆత్రంలో తోడికోడలినో, పక్కింటి ఆమెనో, సంఘంలోని సభ్యురాలినో చేర్పించిన మహిళ రేపు వారందరికీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. చేర్పుల మీద డబ్బు తిప్పే పథకాలను 1978లోనే కేంద్ర చట్టం నిషేధించింది. అటువంటి పథకాన్ని నడిపేవారికే కాక, ప్రోత్సహించేవారికి కూడా ఆ చట్టం శిక్ష చెబుతుంది. మరికొందరికి, ఒప్పందం ప్రకారం గడువులోగా సరుకు పంపలేదు కాబట్టి కోర్టుకు లాగుతామని బెదిరింపు నోటీసులు వస్తాయి. భయపడి ఇంకొంత చెల్లించకుండా, ఆ నోటీసును కూడా ఫిర్యాదుకు జత చేయాలి.

చట్టం పూర్తిగా చేతులు కట్టుకుని లేదు. ఆశ చూపి డబ్బు కాజేయడం భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద మోసం. సంస్థ ఏ రాష్ట్రంలో ఉన్నా, ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చెల్లించినవారు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి; ఎంత త్వరగా చేస్తే సొమ్ము చేతులు మారకుండా బ్యాంకులో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుల రక్షణ చట్టం మరింత అనుకూలమైన దారి. సామగ్రి డబ్బా (కిట్టు) కొన్నది వ్యాపారం కోసం కాబట్టి మీరు వినియోగదారు కారని సంస్థ వాదించవచ్చు. స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధి కోసం కొన్న వస్తువును వాణిజ్య అవసరంగా చూడరాదని 2019 నాటి చట్టం స్పష్టంగా చెబుతోంది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, చెల్లించిన విలువ 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిర్బంధమూ లేదు. ఈ సంగతి విశాఖలో ఎన్ని ఇళ్లకు చేరింది?

అయితే ఇవన్నీ డబ్బు పోయాక చేసే పనులు. పోకముందు కాపాడే ఏర్పాటు మన దగ్గర కొరవడింది. కిట్ల ఆశ చూపి ఇంటిపని పేరుతో డబ్బు దండుకోవడం అమెరికాలో పాత రోగమే. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 మార్చి నుంచి అమలు చేస్తున్న నిబంధన ప్రకారం, ఇటువంటి అవకాశం అమ్మేవారు డబ్బు తీసుకోవడానికి కనీసం ఏడు రోజుల ముందు ఒక పేజీ వివరపత్రం ఇవ్వాలి. తమపై ఉన్న కేసులు, వాపసు షరతులు, ఇంతకుముందు కొన్నవారి వివరాలు అందులో ఉండాలి, సంపాదన గురించి చెప్పిన ప్రతి మాటకూ ఆధారం చూపాలి. అంతటితో అక్కడ మోసాలు ఆగిపోయాయని కాదు గాని, ఆ వారం రోజుల గడువు ఇంట్లో నలుగురితో మాట్లాడుకునే వ్యవధి ఇస్తుంది.

తిరస్కరణ విషయంలో అంత దూరం వెళ్లనక్కర్లేదు. బీడీ కార్మికుల కోసం 1966లో చేసిన చట్టం, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మహిళను కూడా ఉద్యోగిగానే గుర్తించింది. ఆకు, పొగాకు ఇవ్వడంలో, బీడీలు బాగాలేవని తీసిపారేయడంలో, అలా తీసేసినవాటి కూలిలో వచ్చే తగాదాలను తేల్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని నిర్దేశించాలని 39వ సెక్షన్ చెప్పింది. ఈ చట్టాన్ని సవాలు చేసిన యజమానుల వాదన 1974లో సుప్రీంకోర్టులో నిలవలేదు. అంటే ఇంటిపనిలో దోపిడీ జరిగే చోటు తిరస్కరణేనని మన శాసనకర్తలు దాదాపు ఆరు దశాబ్దాల కిందటే గుర్తించారు. 2025 నవంబరులో ఆ చట్టం రద్దయ్యేదాకా కూడా ఆ రక్షణ బీడీల దగ్గరే ఆగిపోవడం విచారకరం. 2008 నాటి అసంఘటిత కార్మికుల చట్టం, 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గృహాధారిత కార్మికులను నిర్వచించాయి గాని, వారు చేసిన పనిని కాదన్నప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలో చెప్పలేదు. ఇంటిపని మీద 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 177వ ఒడంబడికను భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు.

ఒడంబడికల సంగతి ఢిల్లీ చూసుకోవాలి. విశాఖలో చేయగలిగినవి ఇక్కడే చేయాలి. ఇంటివద్ద తయారీ పని ఇస్తామని ప్రకటించే ప్రతి సంస్థా కార్మిక శాఖ దగ్గర పేరు, చిరునామా, కూలి రేటు, సరుకు అమ్ముడయ్యే చోటు నమోదు చేయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. పని కోసం పనివారి నుంచి డిపాజిట్టు తీసుకోవడాన్ని నిషేధించాలి, తిరస్కరించిన సరుకును తిరిగి ఇచ్చి తీరాలని షరతు పెట్టాలి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పు వాయిదాల లెక్క ఎలాగూ జరుగుతుంది. అదే బల్ల మీద ఒక కిట్టు విప్పి, గంటకు ఎన్ని వస్తువులు అవుతాయో, కూలి ఎంత పడుతుందో అందరి ఎదుటా లెక్క కట్టి చూపితే ఏ కరపత్రం కంటే అది బాగా పనిచేస్తుంది. రాఖీలు, దీపావళి ప్రమిదల పేరుతో ఈ ప్రకటనలు జోరందుకునేది శ్రావణం ముందే. ఆలోగా నగర పోలీసులు వార్డు సచివాలయాల్లో వారానికి ఒక పూట ఈ ఫిర్యాదులు తీసుకుని, ఒకే ఫోన్ నంబరు, ఒకే బ్యాంకు ఖాతా మీద వచ్చిన చిన్న చిన్న మొత్తాలన్నిటినీ కలిపి ఒక కేసుగా దర్యాప్తు చేయాలని కోరుతున్నాము. మొదటి పూట గాజువాకలో పెట్టినా, గోపాలపట్నంలో పెట్టినా, అక్కడ కూర్చునేది ఒక మహిళా పోలీసు అయితే ఇంతకాలం నోరు విప్పనివారు వస్తారు.