అలెక్స్ నార్త్‌ని ఓడించింది టెంప్ ట్రాక్

1968లో ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చూడటానికి హాలీవుడ్ సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ న్యూయార్క్‌లో థియేటర్‌కి వెళ్లారు. ఆ సినిమాకి సంగీతం తనదే అనుకుంటూ వెళ్లారు. సినిమా అయిపోయింది. ఆయన రాసిన ఒక్క స్వరం కూడా వినపడలేదు. తీసేశామని ముందుగా ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

పదిహేనుసార్లు ఆస్కార్‌కి నామినేట్ అయి, పోటీలో ఒక్కసారీ గెలవలేదని నార్త్ గురించి అందరూ బాధపడతారు. 1986లో గౌరవ ఆస్కార్ ఇచ్చి అకాడమీ సర్దుకుంది. నాకు మాత్రం ఆస్కార్ కన్నా ఆ థియేటర్‌లో జరిగిందే పెద్ద అన్యాయం.

ఎందుకంటే నార్త్ నాటకరంగం నుంచి వచ్చిన మనిషి. 1949లో ఆయన సంగీతమిచ్చిన ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ నాటకం బ్రాడ్‌వే మీద ఒక ఫ్లూట్‌తో మొదలవుతుంది. కథానాయకుడు విల్లీ తండ్రి ఊరూరా తిరిగి ఫ్లూట్లు చేసి అమ్మినవాడు. అంటే మనం వింటున్నది విల్లీకి దక్కని తండ్రిని! పాత్ర లోపలికి వెళ్లకుండా ఇలాంటి సంగీతం రాదు. ఆ నాటక దర్శకుడు ఎలియా కజానే ఆయన్ని హాలీవుడ్‌కి తీసుకెళ్లారు. 1951లో ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’కి నార్త్ జాజ్‌ని కథలోకే దించారు. ‘ఘోస్ట్’లో మనవాళ్లంతా విన్న ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ కూడా ఆయన ట్యూనే.

అలాంటి మనిషి మీద ‘2001’ దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ పెట్టిన పోటీ చూడండి. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేసుకున్న పాత శాస్త్రీయ సంగీతం, అంటే టెంప్ ట్రాక్, క్యూబ్రిక్ చెవిలో అప్పటికే పాతుకుపోయింది. నార్త్ రాత్రీ పగలూ రాశారు. టెన్షన్‌కి వెన్ను పట్టేసి, రికార్డింగ్‌కి అంబులెన్స్‌లో వెళ్లారు. హెన్రీ బ్రాంట్ ఆర్కెస్ట్రాని నడిపిస్తుంటే తాను కంట్రోల్ రూమ్‌లో ఉండిపోయారు.

నార్త్ సంగీతం బదులు క్యూబ్రిక్ ఉంచేసిన స్ట్రాస్ సంగీతం వల్లే ఆ సినిమా చిరస్థాయిగా నిలిచిందంటారు. నిజమే, ఆ దృశ్యాలకి అది అద్భుతంగా కుదిరింది. తుది నిర్ణయం దర్శకుడిదే, కాదనను. కానీ నెలల తరబడి విన్న సంగీతం ముందు నిన్న రాసిన ట్యూన్ ఏం నిలబడుతుంది? అసలు ఆ పోటీయే సరైంది కాదు.

ఆ జబ్బు ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. మన దగ్గర దాని పేరు ‘రిఫరెన్స్’. ‘అచ్చం ఇలాగే కావాలి, కానీ ఇది కాదు’ అని సంగీత దర్శకుడికి చెప్పడమంటే, సీన్ చూడొద్దు, ఈ పాట విను అనడమే. ఈ పద్ధతిలో ఆ ఫ్లూట్ పుట్టేదా?

నార్త్ రాసిన ‘2001’ సంగీతాన్ని ఆయన మిత్రుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ మళ్లీ రికార్డ్ చేయించి 1993లో బయటికి తెచ్చారు. అప్పటికి నార్త్ పోయి రెండేళ్లు.