వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్ గారికి ఉభయకుశలోపరి

మహారాజశ్రీ వాట్ ఈజ్ యువర్ వీక్‌నెస్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమేనని వేరే రాయించుకోనక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉన్నాం. ఆప్టిట్యూడ్ పరీక్షలో రైళ్లనీ పడవలనీ దాటించి, టెక్నికల్ రౌండులో లింక్డ్ లిస్టుని తిరగేసి చూపించి, హమ్మయ్య అనుకుంటూ హెచ్‌ఆర్ గదిలోకి అడుగుపెట్టిన అభ్యర్థికి మంచినీళ్ల కన్నా ముందు మీరు తగులుతారు. ముందు మీ పెద్దన్న 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' వస్తాడు, వెంట మీ కవల అక్క 'స్ట్రెంగ్త్స్', ఆ వెనక మీరు. 'ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావు' అనే మీ తమ్ముడు గుమ్మం దగ్గర కాచుకుని ఉంటాడు.

ఈ ఉత్తరం రాస్తున్నవాళ్లలో కొందరం బల్లకి అవతల కూర్చుని మిమ్మల్ని అడిగేవాళ్లం. కొందరం కాలేజీల్లో సీఆర్‌టీ, అంటే క్యాంపస్ ఉద్యోగాలకి తయారుచేసే క్లాసులు పెట్టి మిమ్మల్ని తప్పించుకోవడం నేర్పేవాళ్లం. రెండు వైపులా మీ పేరు చెప్పుకునే జీతాలు తీసుకుంటున్నాం కాబట్టి ఇది ద్వేషంతో రాసింది కాదని మనవి.

అయినా అడగక తప్పదు. మీరు వచ్చేది నిజం తెలుసుకోవడానికా, అబద్ధం ఎంత శుభ్రంగా చెబుతారో చూడటానికా? ఉద్యోగం కావాలని వచ్చిన మనిషిని, ఉద్యోగం ఇవ్వకపోవడానికి ఒక కారణం నీ నోటితోనే చెప్పు అంటారు. పెళ్లిచూపుల్లో అబ్బాయిని పట్టుకుని మీ దురలవాట్లేంటి అనడిగితే ఏ జవాబొస్తుందో మీకూ అదే వస్తోంది. "కాఫీ కాస్త ఎక్కువండీ."

మీకు దొరికే కాఫీలు లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి. అగ్రస్థానం 'ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్'ది. ఈ మాటన్నవాళ్ల రెజ్యూమెలో మూడు రకాల ఫాంట్లుంటాయి, ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గుతుంది. "అయితే ఆ పట్టింపు వల్ల ఎప్పుడైనా గడువు దాటిపోయిందా?" అని ప్యానెల్ అడిగితే ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినపడదు. తర్వాతది మన ప్రాంతపు ప్రత్యేకత: 'ఐ ట్రస్ట్ పీపుల్ వెరీ ఈజీలీ'. ఎవర్ని నమ్మారు, ఏం పోయింది అనడిగితే రూమ్మేటు అప్పు ఎగ్గొట్టిన కథ మొదలవుతుంది. దాన్ని వినడానికి కంపెనీ మనిషికి టైమూ లేదు, రాసుకోవడానికి ఫారంలో గడీ లేదు. 'ఐ కాంట్ సే నో' అన్నవాళ్లని చూసి ప్యానెల్ మురిసిపోతుంది. ఆ మురిపెం శనివారం రాత్రి సపోర్టు షిఫ్టు రూపంలో తిరిగొస్తుంది. పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదనేవాళ్లది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. నాకు బలహీనతలే లేవు అనేవాళ్లతో మాత్రం ఇంటర్వ్యూ తొందరగా అయిపోతుంది.

తిట్టినట్టే తిట్టి పొగడటాన్ని మన అలంకారశాస్త్రం వ్యాజస్తుతి అంది. కవులు దాన్ని దేవుళ్ల మీదా రాజుల మీదా వాడారు. ఇరవై రెండేళ్ల పిల్లలచేత ఆ అలంకారాన్ని వాళ్ల మీద వాళ్లే, అదీ ఇంగ్లీషులో, చెప్పించిన ఘనత మీదే. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల మెట్లెక్కితే జావాతో పాటు అదీ నేర్పుతారు.

ఇంత కష్టపడి రాబట్టిన జవాబుని మీరేం చేసుకుంటారు? క్యాంపస్ డ్రైవుల్లో హెచ్‌ఆర్ రౌండు మనిషికి పది, పదిహేను నిమిషాలు. చాలా మార్కుల ఫారాల్లో కమ్యూనికేషన్, ఆటిట్యూడ్, వేరే ఊరు వెళ్లడానికి ఒప్పుకుంటాడా, షిఫ్టులకి సరేనంటాడా అని గడులుంటాయి. మీకంటూ గడి ఉండదు. కాబట్టి జవాబు వెళ్లి ఆటిట్యూడ్‌లో కలుస్తుంది. ఒకరికి అది నిజాయితీ, నాలుగు మార్కులు. పక్క టేబులు మీద అదే మాట ఆత్మవిశ్వాసం లేకపోవడం, రెండు. ఉదయం పదింటికీ మధ్యాహ్నం భోజనాలయ్యాకా కూడా మార్కు మారుతుంది.

ఇది మా నోటి దురుసు కాదు. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలని క్రోడీకరించి చూశారు. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ముందే రాసుకున్న కొలతతో మార్కులేసే ఇంటర్వ్యూకీ తర్వాతి పనితీరుకీ సంబంధం 0.51 అనీ, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.38 అనీ తేల్చారు. 2022లో సాకెట్ బృందం ఆ లెక్కల్ని సరిదిద్దితే మొదటిది 0.42కి, రెండోది 0.19కి దిగాయి. 1 అంటే పూర్తి పొంతన, 0 అంటే బొమ్మా బొరుసూ. మీ నివాసం సాధారణంగా ఆ రెండో ఇంట్లో. కేంద్ర ప్రభుత్వమైతే 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గ్రూప్ డి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకి ఇంటర్వ్యూలే తీసేసింది. బ్యాంకు క్లర్కుల ఎంపికలోనూ ఇప్పుడు మీకు చోటు లేదు. పీఓల (ప్రొబేషనరీ ఆఫీసర్ల) దగ్గర ఇంకా నడుస్తోంది.

మీ బంధువర్గంలో మేం లేచి నిలబడేది ఒక్కరికే. సైన్యంలో ఆఫీసర్లని ఎంచే ఎస్‌ఎస్‌బీలో (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) సైకాలజీ పరీక్షల చివర సెల్ఫ్ డిస్క్రిప్షన్ అని ఒకటుంటుంది. 15 నిమిషాల్లో రాయాలి: అమ్మానాన్నలు మీ గురించి ఏమనుకుంటారు, టీచర్లు లేదా పై అధికారులు ఏమనుకుంటారు, స్నేహితులేమంటారు, మీకు మీరెలా కనిపిస్తారు, ఎలా మారాలనుకుంటున్నారు. అక్కడితో వదిలేయరు. అదే మనిషికి మైదానంలో తాడూ దుంగా ఇచ్చి తోటివాళ్లతో కలిసి అడ్డంకులు దాటమంటారు, ఇంటర్వ్యూ అధికారి విడిగా మాట్లాడతారు, చివరి రోజు అందరూ కూర్చుని రాసినదానికీ చేసినదానికీ పొత్తు కుదిరిందా అని చూస్తారు. పోల్చి చూసుకోవడానికి మీ దగ్గరేముంది? ఒక రెజ్యూమె, అదీ సీనియర్ దగ్గర కాపీ కొట్టింది.

సరే, మీరు పోయేవాళ్లు కాదు. అందుకని పిల్లలకి మేం చెప్పేదేమిటో మీ ముందే చెబుతున్నాం, చాటున చెప్పారని అనకండి.

జవాబు నిమిషం, నిమిషంపావు. అంతకు మించితే అది వాంగ్మూలం. మొదటి వాక్యంలోనే బలహీనత పేరు చెప్పెయ్యాలి, మెత్తని మాటల ముసుగు లేకుండా. తర్వాత అది ఎక్కడ దెబ్బ తీసిందో ఒక్క ఉదాహరణ, ఇరవై సెకన్లు. ఆపైన ఇప్పుడేం చేస్తున్నారో. దీనికి అన్నిటికన్నా ఎక్కువ టైమివ్వాలి. చివర ఎంతవరకు వచ్చిందో, పూర్తిగా పోయిందని మాత్రం అనకుండా. ఉదాహరణకి ఒక ఫ్రెషర్ ఇలా అనొచ్చు: "పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తాను. ఫైనలియర్ ప్రాజెక్టులో లాగిన్ పేజీకి రెండు రోజులన్నాను, వారం పట్టింది, టెస్టింగుకి టైము మిగల్లేదు. ఇప్పుడు పనిని సగంపూట ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క పక్కన అనుకున్న గంటలూ అసలు పట్టిన గంటలూ రాసుకుంటున్నాను. ఇదివరకు రెట్టింపుకి మించి తేడా వచ్చేది. ఇప్పుడు నాలుగు గంటలన్నది ఐదు పడుతోంది." ఇందులో గొప్పేమీ లేదు. అందుకే నమ్మబుద్ధేస్తుంది.

ఏ బలహీనత ఎంచుకోవాలన్న దగ్గరే సగంమంది మునుగుతారు. ఆ ఉద్యోగానికి ప్రాణమైనదాన్ని ముట్టుకోకూడదు. టెస్టరు పోస్టుకొచ్చి చిన్న చిన్న విషయాలు గమనించనని, ఆడిట్ అసిస్టెంటుగా వచ్చి అంకెలంటే విసుగని, మెడికల్ రెప్‌గా వచ్చి కొత్తవాళ్లతో మాట్లాడలేనని చెప్పడం నిజాయితీ కాదు, అర్హత లేదని ఒప్పుకోవడం. రెజ్యూమెలో కనపడుతున్నదాన్ని బలహీనతగా చెప్పడం కూడా దండగ. బ్యాక్‌లాగులూ, చదువు మధ్యలో ఖాళీ ఏడాదీ ఎలాగూ విడిగా అడుగుతారు, వాటికి తిన్నగా వేరే జవాబుండాలి. ఒంట్లో బాగుండకపోవడం, ఇంటి గొడవలు, పెళ్లి సంగతులు అస్సలు తేవొద్దు. అడిగే హక్కు మీకూ లేదు. ఇక విరుగుడు ఇంటర్వ్యూ కన్నా ముందే మొదలై ఉండాలి. వచ్చే నెల కోర్సులో చేరతానంటే ఆ నెల వచ్చాకే రమ్మంటారు.

స్టేజ్ ఫియర్ అనేవాళ్లు ఎంతమంది ముందు భయమో చెప్పాలి. నలుగురి మీటింగులో బాగానే మాట్లాడి అరవైమంది సెమినారులో గొంతు పట్టేస్తే చాలా ఉద్యోగాలకి అది అడ్డం కాదు, ఆ సంఖ్య చెబితేనే ప్యానెల్‌కి కొలత దొరుకుతుంది.

'మై ఇంగ్లిష్ ఈజ్ వీక్ సర్' గురించి విడిగా చెప్పాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు దీన్ని తప్పు ఒప్పుకున్నట్టు తలవంచుకుని చెబుతారు. ఐదు నిమిషాలుగా వింటున్న ప్యానెల్‌కి అది కొత్త కబురేమీ కాదు, చెప్పేవాళ్లకి మాత్రం అప్పటిదాకా ఉన్న ధైర్యం కాస్తా పోతుంది. చెప్పాలనే ఉంటే ముక్కలు చేసి చెప్పాలి. చదవడం, రాయడం పర్వాలేదు, నలుగురు వేగంగా మాట్లాడుకునేటప్పుడు అందుకోవడం ఆలస్యమవుతోంది, అందుకని రోజూ ఒక విషయం మీద రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి మళ్లీ వింటున్నాను. ఫోనులో కస్టమర్లతో మాట్లాడే వాయిస్ ప్రాసెస్ ఉద్యోగానికైతే ఈ జవాబూ పనికిరాదు, మిగతా చోట్ల పనికొస్తుంది. మాట తడబడినవాళ్లందర్నీ పక్కన పెట్టే ప్యానెళ్లున్నాయి. అది ఆ ప్యానెల్ వీక్‌నెస్, ఫారంలో దానికీ గడి లేదు.

బట్టీ పట్టిన జవాబు ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా ఆగి ఆగి మాట్లాడిన మనిషి ఒక్కసారి ఎక్స్‌ప్రెస్ అవుతాడు, చూపు సీలింగు ఫ్యానుకి అతుక్కుంటుంది, చివర్లో 'దట్స్ ఆల్ సర్' అని బ్రేకు పడుతుంది. ఒకే ప్రాజెక్టు బ్యాచిలో నలుగురూ అదే బలహీనత చెప్పిన సంగతి ప్యానెల్ మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడుతుంది. అందుకే వాక్యాలు కాదు, నాలుగు అంశాలు గుర్తుపెట్టుకుంటే చాలంటాం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఇంకో కిటికీ తెరిచి చదివేవాళ్ల కళ్లు ఎడమ నుంచి కుడికి నడుస్తుంటాయి. ఈమధ్య ఆ కిటికీలో ఏఐ రాసిపెట్టిన జవాబు ఉంటోంది. ఇంతవరకు ఎవరికీ ఒక్క పని చెప్పి ఎరగని ఫ్రెషర్, 'ఐ స్ట్రగుల్ విత్ డెలిగేషన్' అంటాడు.

అనుభవమున్నవాళ్లకి ఇంకో గండం. ఇక్కడ చెప్పింది పాత కంపెనీ అప్రైజల్‌లో 'ఏరియాస్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్' కింద రాసినదానికి దూరంగా ఉండకూడదు. రిఫరెన్స్ చెక్‌లో పాత మేనేజరుకి ఫోన్ చేస్తే, ఇక్కడ పర్ఫెక్షనిస్టునని చెప్పుకున్న అభ్యర్థి ఆయనకి రోజూ పదకొండింటికి వచ్చే మనిషిగా గుర్తుండొచ్చు.

నిజానికి మీకన్నా మీ వెనక వచ్చే చిన్న ప్రశ్నలే పనిమంతులు. చివరిసారి అలా ఎప్పుడైంది? మీ టీములో ఒకరిని అడిగితే ఏమంటారు? ఇంకోటి చెప్పండి? ఈ మూడూ అడిగితే కాఫీ కథలన్నీ పలచబడతాయి. చాలా ప్యానెళ్లు వీటిదాకా రావు. మిమ్మల్ని అడిగేసి, తల ఊపి, 'ఎనీ క్వశ్చన్స్ ఫర్ అస్' అనేస్తాయి.

అందుచేత మా విన్నపం: మీరు వేషం మార్చుకుని రండి. "గత ఏడాదిలో మీ పని మీద ఎవరైనా చెప్పిన ఒక విమర్శ చెప్పండి, తర్వాత ఏం మార్చారు?" అని అడగండి. ఫ్రెషరుకైతే ప్రాజెక్టు గైడో, ల్యాబు మాస్టారో చెప్పింది చాలు. అందరికీ అదే మాటల్లో, అదే వరసలో. మార్కుల కొలత ముందే రాసిపెట్టుకోండి: విమర్శ గుర్తులేదంటే 1, విమర్శ చెప్పి మార్పు చెప్పలేకపోతే 3, మార్పు ఏంటో, దాన్ని ఎలా చూసుకుంటున్నారో చెబితే 5. ఇద్దరు ప్యానెల్ సభ్యులు ఒకరినొకరు చూసుకోకుండా మార్కులేసి తర్వాత సరిచూసుకోవాలి. రెండు మార్కులకి మించి తేడా వస్తే మాట్లాడుకోవాలి. ఖర్చు ఒక అదనపు కాగితం.

ఇట్లు,
బల్లకి అటు కొందరం, ఇటు కొందరం

తా.క.: 'ఎనీ క్వశ్చన్స్' అన్నప్పుడు జీతం గురించో, షటిల్ బస్సు గురించో అడగడం మానేసి, ఈ పోస్టు కొత్తగా పెట్టిందా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా, వెళ్తే ఎందుకు వెళ్లారు అని అడగమని పిల్లలకి నేర్పుతున్నాం. తొంభై రోజుల నోటీసు పీరియడూ, రెండేళ్ల బాండూ ఉన్న ఆఫర్ లెటరైతే మరీను. జవాబుగా 'వియ్ ఆర్ లైక్ ఎ ఫ్యామిలీ' అని వస్తే, ఇంకోటి చెప్పమనాలి.