కోడలికి గడి లేదు

ఇక్కడ కాలిఫోర్నియాలో మా కౌంటీ, అంటే జిల్లా, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి గంటైంది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇప్పుడే రాస్తున్నాను. రేపటికి ఈ కోపం చల్లారుతుంది. చల్లారాక రాస్తే ఇంత సూటిగా రాయలేను.

అత్తయ్య డెత్ సర్టిఫికెట్ ఇంకో రెండు కాపీలు కావాలని వెళ్ళాను. ముందు రికార్డర్ ఆఫీసులో నిలబడితే, పాత మరణాలు మాత్రమే మా దగ్గర, ఇటీవలివి ఆరోగ్య శాఖ దగ్గర అని పంపేశారు. ఇంకో భవనం, ఇంకో పార్కింగు, ఇంకో వరస. నా వంతు వచ్చేసరికి పది గంటలు. చనిపోయినావిడ మీకు ఏమవుతారు అని అడిగింది కౌంటర్‌లో అమ్మాయి. మా అత్తగారు అన్నాను. దరఖాస్తు నా వైపు తిప్పి పెన్ను మొనతో ఒక్కొక్క గడీ చూపించింది. తల్లి లేదా తండ్రి. సంతానం. తాత, అమ్మమ్మ, నాయనమ్మ. మనవడు, మనవరాలు. తోబుట్టువు. భార్య లేదా భర్త. చట్టం నియమించిన సంరక్షకులు. తర్వాత లాయర్లు, పోలీసులు, అంత్యక్రియలు జరిపించే ఫ్యునరల్ హోమ్ వాళ్ళు. కోడలు లేదు.

నా ఎనిమిదేళ్ళ కొడుకు ఆ జాబితాలో ఉన్నాడు, మనవడు కాబట్టి. వాడికింకా సంతకమే రాదు. పక్షవాతం వచ్చాక మూడు వారాలు అత్తయ్యకు రాగిజావ పలచగా కాచి, చెంచాతో నోట్లో పోసి, గుటక పడిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసిన నేను లేను. ఆస్పత్రిలో ప్రతి కాగితం మీద సంతకం చేసింది నేను. పోయిన రోజు ఆమెకు జడ వేసింది నేను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. కానీ "మీకు సంబంధం లేదు కదండీ" అన్న అర్థం వచ్చే మాట ఎంత మర్యాదగా చెప్పినా గుచ్చుకుంటుంది.

ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో చెప్తాను. ఫ్యునరల్ హోమ్‌లో ఆ రాత్రి "ఎన్ని కాపీలు కావాలి?" అని అడిగారు. తల్లి పోయి నాలుగు గంటలు కూడా కాని మనిషిని ఆ ప్రశ్న అడిగితే ఏం చెప్తాడు? మా ఆయన రెండు అన్నారు. ఒకటి విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళకు పోయింది. రెండోది ఆయన అస్థికలతో పాటు రాజమండ్రి పట్టుకెళ్ళారు. కోటిలింగాల రేవులో కలిపి, కర్మలు ముగించి, బ్యాంకుకు వెళ్తే ఆ కాపీ వాళ్ళు ఉంచేసుకున్నారు. అత్తయ్య పేరు మీద కోనసీమలో ఎకరం పొలం ఉంది. పాసుపుస్తకంలో పేరు మారాలంటే విదేశీ సర్టిఫికెట్ మీద అపోస్టిల్, అంటే ఇది అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, ఉండాలన్నారు రెవెన్యూ ఆఫీసులో. అది జిరాక్స్ మీద వేయరు, అసలు సర్టిఫైడ్ కాపీకే జతచేస్తారు. అందుకని నేను వెళ్ళాను. ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఇంకెవరు వెళ్తారు?

కావాలంటే ఇంకో రకం కాపీ ఇస్తాను అంది కౌంటర్‌లో అమ్మాయి. కాలిఫోర్నియాలో రెండు రకాలు ఉంటాయి. జాబితాలో ఉన్నవాళ్ళకు ఇచ్చేది పనికొచ్చే కాపీ. మిగతా ప్రపంచంలో ఎవరికైనా ఇచ్చేది సమాచారం కోసం మాత్రమే. రుసుము రెండింటికీ ఒకటే. ఒట్టి చేతులతో రాలేక అది ఒకటి కొనుక్కున్నాను. ఇప్పుడు నా ముందే ఉంది. అత్తయ్య పేరు, పుట్టిన తేదీ, మా ఇంటి చిరునామా, ఏ జబ్బుతో పోయారో, అది ఎంతకాలం ఉందో, అన్నీ ఉన్నాయి. వాటి మీదుగా పెద్ద అక్షరాల్లో, గుర్తింపు రుజువు చేయడానికి ఇది చెల్లదు అని.

ఇది రహస్యాన్ని కాపాడటం అంటారా? దారినపోయే మనిషి డబ్బు కట్టి మా అత్తయ్య ఎలా పోయారో చదువుకోవచ్చు. ఆమె పక్క దులిపిన నాకు మాత్రం పనికొచ్చే కాగితం ఇవ్వరు. 2003 జులై నుంచి ఈ పద్ధతి. చనిపోయినవాళ్ళ పేర్లు దొంగిలించి మోసాలు చేస్తున్నారని తెచ్చారు, ఆ భయం నిజమే, కాదనను. మరి ఒహాయోలో ఎవరడిగినా సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. టెక్సస్‌లో 25 ఏళ్ళు దాటితే గాని అందరికీ తెరవరు. ఒకే దేశంలో చావు ఒక చోట బహిరంగం, ఒక చోట రహస్యం. మన అమ్మానాన్నలు వీసా మీద వచ్చి ఏ రాష్ట్రంలో కన్ను మూస్తారో దాన్ని బట్టి మన తిప్పలు.

కాపీ దొరికినా అక్కడితో అయిపోదు. మా దగ్గర దాని మీద ఆరోగ్య అధికారి సంతకం ఉంటుంది. అపోస్టిల్ వేసే ఆఫీసు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఉంది, అది ఆ సంతకాన్ని నేరుగా ఒప్పుకోదు. ముందు కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్ళి, ఈ సంతకం ఫలానా అధికారిదే అని ఇంకో కాగితం తెచ్చుకోవాలి. ఆ తర్వాతే 20 డాలర్లు కట్టి శాక్రమెంటోకు పంపాలి. అపోస్టిల్ ఒప్పందం భారతదేశానికి అమల్లోకి వచ్చింది 2005లో. ఇన్నేళ్ళలో ఇక్కడ ఇన్ని వేల మంది మనవాళ్ళు ఈ దారినే నడిచారు. ఒక్కరైనా నాకు ముందే చెప్పలేదు. సంక్రాంతి ముగ్గుల పోటీకి వాట్సాప్ గ్రూపులో నలభై సందేశాలు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళుండగా అలాంటి మాటలు అశుభమని ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

హైదరాబాద్ నుంచి ఆడపడుచు ఫోను చేసి, "కూతురని టిక్ పెట్టేస్తే పోయేది కదా వదినా, నువ్వు కూతురువి కావా?" అంది. ప్రేమతోనే అంది. అత్తయ్య కూడా గుడిలో ఎవరు అడిగినా మా అమ్మాయి అనే చెప్పేవారు. కానీ ఆ గడి కింద, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పెన్ను పట్టుకుని ఆ గడి మీద ఒక్క క్షణం ఆగాను, నిజం చెప్తున్నాను. పెట్టలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఆ పనికిరాని కాపీని మొదటిసారి పూర్తిగా చదివాను. అసలు మంట అక్కడ రాజుకుంది. వృత్తి అన్న చోట గృహిణి అని ఉంది. ఏ రంగంలో అంటే, సొంత ఇల్లు. ఎన్నేళ్ళు అంటే, యాభై.

మామయ్య ఊళ్ళు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఆ ఎకరం నాట్లు వేయించింది అత్తయ్య. కలుపు తీసింది, కుప్ప నూర్పించింది, రెండు గేదెల పాలు కేంద్రానికి పోసి పిల్లలిద్దరినీ చదివించింది. ఆమె అరిచేతులు నేను నూనె రాసినప్పుడు చూశాను, కొడవలి పిడి పట్టిన చోట చర్మం చివరిదాకా గట్టిగానే ఉండేది. ఇక్కడి ఫారంలో విశ్రాంత అని రాయొద్దు, జీవితంలో ఎక్కువ కాలం ఏ పని చేశారో అదే రాయండి అని ప్రత్యేకంగా చెప్తారు. అంత స్పష్టంగా అడిగితే కన్నకొడుకు నోటికి వచ్చిన మాట గృహిణి. నేను పక్కనే ఉన్నాను. నాకూ ఆ క్షణంలో తప్పనిపించలేదు. మా అమ్మ ఓటరు కార్డు కోసం వచ్చినవాళ్ళకు కూడా నాన్న అలాగే చెప్పేవారు, "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని. అప్పుడు అమ్మ పెరట్లో పేడకళ్ళు ఎత్తుతూ ఉండేది. పదేళ్ళ దాన్ని, ఆ మాట విన్నప్పుడు అమ్మ ముఖం చూశాను. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకో గడి ఉంది. చనిపోయినావిడ తల్లికి పెళ్ళికి ముందున్న ఇంటిపేరు. అమెరికా ఫారం అడిగింది, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఆయన ఊళ్ళో మేనమామకు ఫోను చేశారు. మేనమామ ఇంకొకరిని కనుక్కున్నారు. నలుగురు పెద్దవాళ్ళు కలిస్తే గాని అమ్మమ్మగారి పుట్టింటి పేరు బయటపడలేదు. తాతగారి వైపు ఏడు తరాలు గోత్రంతో సహా గడగడా చెప్పగల ఇల్లు మాది.

మా ఆయనకు ఫోను చేశాను. అక్కడ రాత్రి ఒంటిగంట దాటింది. మొదట కాపీల సంగతి చెప్పాను. ఫ్యునరల్ హోమ్ వాళ్ళు కొడుకు తరఫున తెప్పించవచ్చట, ఆయన మెయిలు పెడితే చాలన్నారు. ఈసారి పది చెప్పమన్నాను. తర్వాత వృత్తి గడి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మ పొలం పని నేను పనే అనుకోలేదు" అన్నారు. కోపమంతా కక్కాలని చేసిన ఫోను, ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది.

దిద్దుబాటుకు ఒక ఫారం ఉంది. పాత పేజీని చెరపరు, దాని వెనక ఇంకో పేజీ చేరుస్తారు. విషయం తెలిసిన ఇద్దరు సంతకం చేయాలి. మనవడో, సంతానమో, తోబుట్టువో అయి తీరాలని అందులో లేదు, తెలిసినవాళ్ళు అయితే చాలు. వచ్చే వారం ఆయన తిరిగి రాగానే మొదటి సంతకం ఆయన చేస్తారు. రెండోది నేను చేస్తాను. వృత్తి దగ్గర వ్యవసాయం అని రాసి ఉంచాను.