ఇష్టమైన చందమామ ఏదో కెర్బల్‌ని అడగండి

దేశంలో తేలని సమస్యలు చాలా ఉన్నాయి. వాటి గురించి రాసేవాళ్లకూ కొదవ లేదు. కాబట్టి ఇంతవరకూ ఏ పత్రికా సంపాదకీయం రాయని ఒక అన్యాయాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాం. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే రాకెట్ల వీడియో గేమ్ ఆడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, టీలు చల్లారకముందే ఒక ప్రశ్న లేస్తుంది: నీకిష్టమైన చందమామ ఏది? ఒకాయన లేత్ అంటాడు. ఇంకొకాయన టైలో అంటాడు, అదీ అందరూ తల తిప్పి చూసేలా కాస్త గొంతు తగ్గించి. మూడో అబ్బాయి మిన్మస్ అంటే వాణ్ణి ఎల్‌కేజీ పిల్లాణ్ణి చూసినట్టు చూస్తారు. ఇంత చర్చలోనూ అక్కడికి వెళ్లి దిగిన కెర్బల్ ఏమనుకుంటున్నాడో అడిగినవాడు ఒక్కడూ లేడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మెక్సికోకు చెందిన స్క్వాడ్ అనే సంస్థ 2011లో జనం మీదికి వదిలిన గేమ్ ఇది. మీరే రాకెట్ బిగించాలి, మీరే ఎగరేయాలి, అది మీ ముందే పేలుతుంది. కెర్బిన్ అనే గ్రహం నుంచి ప్రయాణం మొదలు. అందులో కూర్చునేవాళ్లు కెర్బల్స్: ఆకుపచ్చ ఒళ్లు, ఒంటికి మించిన తల. వీళ్ల సర్వీసు రికార్డులో ధైర్యం ఎంత, తెలివితక్కువతనం ఎంత అని రెండు గీతలు పక్కపక్కనే ఉంటాయి. ఉద్యోగి మూర్ఖత్వాన్ని ఇంత నిజాయితీగా కొలిచి ఫైల్లో పెట్టే యాజమాన్యం మరెక్కడా లేదు. యాజమాన్యానికి కూడా అలాంటి గీత ఒకటి ఉండాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

కెర్బల్‌కు తిండి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. చేర్చుకునేటప్పుడు కట్టే ఫీజే తప్ప నెలనెలా జీతమంటూ లేదు. ఎన్నేళ్లు క్యాప్సూల్లో కూర్చోబెట్టినా కూర్చుంటాడు. ఆటగాళ్ల అభిరుచులన్నీ ఈ ఒక్క సదుపాయం మీద ఆధారపడి ఉన్నాయి. ఎద్దు పుండు కాకికి ముద్దా అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ సౌరకుటుంబంలో చందమామలు తొమ్మిది. గుళ్లో నవగ్రహాలెన్నో ఇవీ అన్నే, ఇక్కడా చాలామంది భక్తులు ప్రదక్షిణలతోనే సరిపెట్టుకుంటారు. దిగాలంటే ఇంధనం కావాలి. దిగి మళ్లీ లేవాలంటే ఇంకా కావాలి. అసలు చిక్కంతా ఆ రెండో దాంతోనే.

ముందు మున్ సంగతి చూద్దాం. కెర్బిన్‌కు దగ్గరిది, 12,000 కిలోమీటర్ల దూరం. గురుత్వం మన చంద్రుడిలాగే ఆరో వంతు. అందుకని పరువంతా దానికే. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్మారకం కూడా ఒకటి అక్కడ ఓ మూల పెట్టారు. మున్ మీద మిగతా చోట్ల కనిపించే స్మారకాలు మాత్రం గేమ్ తయారుచేసినవాళ్లు పెట్టినవి కావు. విరిగిన కాళ్లు, ఒరిగిన ట్యాంకులు, పక్కకు పడుకున్న ల్యాండర్లు: అవన్నీ ప్రజల విరాళం.

కారణం వెతికితే సగం తప్పు ఆల్టిమీటర్‌ది. తెర పైన ఎత్తు చూపించే ఆ మీటరు మామూలుగా సముద్రమట్టం నుంచి లెక్క చెబుతుంది. మున్ మీద సముద్రం లేదు. లేని సముద్రానికి మట్టం కట్టి కొలుస్తున్నారన్నమాట. మీటరు 4,000 చూపిస్తోంది, ఇంకా నాలుగు కిలోమీటర్లుంది కదా అని కుర్చీలో వెనక్కి వాలిన ఆటగాడికి, కింద కొండే 3,500 మీటర్లుందన్న సమాచారం నేల స్వయంగా అందజేస్తుంది. అప్పుడు తెర కుడివైపు కింద చిన్న డబ్బాల్లో సిబ్బంది ముఖాలు చూడాలి. బాబ్ కళ్లు బయటికొస్తాయి, బిల్ నోరు తెరుస్తాడు. జెబెడయా ఒక్కడే ఇకిలిస్తుంటాడు. ఈ జెబెడయా నవ్వు చూసి మొత్తం జాతికే ఇదంతా ఇష్టమనుకోవడం, పెళ్లిలో డ్యాన్స్ చేసే బాబాయిని చూసి పెళ్లికూతురి తండ్రి అప్పుల్లేకుండా ఉన్నాడనుకోవడం లాంటిది. తర్వాతి వెర్షన్లలో నేల నుంచి ఎత్తు చూపించేలా మీటరును మార్చుకునే వీలు ఇచ్చారు. అప్పటికే విరాళాలు బాగా పోగయ్యాయి.

దిగాక ఇంధనం లేదని తెలుస్తుంది. ఆటగాడు వెంటనే రెస్క్యూ మిషన్ ప్రకటిస్తాడు. పెద్ద రాకెట్ కడతాడు, కొత్త కాళ్లు బిగిస్తాడు, లైట్లు పెడతాడు. చీకట్లో పోయి పాత ల్యాండర్ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో దిగుతాడు. చప్పట్లు. చిక్కుకున్న కెర్బల్ బయటికొచ్చి, నడిచొచ్చి, నిచ్చెన ఎక్కి, తలుపు దగ్గర ఆగిపోతాడు. వచ్చింది ఒక్క సీటు క్యాప్సూల్. ఆ సీట్లో దాన్ని నడుపుకుంటూ వచ్చిన పైలట్ ఉన్నాడు. ఇప్పుడు మున్ మీద ఇద్దరు. ఈ పద్ధతిలో ఊళ్లకు ఊళ్లే వెలిశాయి. ఇక డబ్బు లెక్క చూసుకుంటూ ఆడే కెరీర్ మోడ్‌లో సిబ్బంది పెరిగేకొద్దీ కొత్తవాళ్లను చేర్చుకునే ఫీజు పెరుగుతుంది, కాంట్రాక్టు మీద కాపాడి తెచ్చినవాడు మాత్రం ఉచితంగా ఉద్యోగంలో చేరిపోతాడు. ఆపదలో ఉన్నవాణ్ణి ఆదుకోవడంలో ఆటగాళ్లు చూపించే ఆ చొరవ వెనక ఏముందో వేరే చెప్పనక్కర్లేదు.

మిన్మస్ అంటే చిన్నచూపు ఎందుకో చూద్దాం. అది 47,000 కిలోమీటర్ల దూరంలో, 6 డిగ్రీలు వంగిన కక్ష్యలో తిరుగుతుంది. వ్యాసార్ధం 60 కిలోమీటర్లే. దూరం చూసి జనం జడుసుకుంటారు. కానీ అంతరిక్షంలో చార్జీ కిలోమీటర్ల లెక్కన పడదు, డెల్టా-వీ లెక్కన పడుతుంది. ఎంత వేగం మార్చుకోగలవన్నదే అక్కడి కరెన్సీ. కెర్బిన్ చుట్టూ తక్కువ ఎత్తు కక్ష్య నుంచి మున్ మీద దిగడానికి సెకనుకు సుమారు 1,700 మీటర్ల డెల్టా-వీ కావాలి. నాలుగింతల దూరంలో ఉన్న మిన్మస్‌కు సుమారు 1,300 చాలు. గురుత్వం అంత తక్కువ కాబట్టి ఆగడానికీ దిగడానికీ పెద్దగా ఖర్చు లేదు. పైగా అక్కడ మైదానాలున్నాయి. పుదీనా రంగులో, అద్దంలా చదునుగా, ఎత్తు సరిగ్గా సున్నా దగ్గర మొదలయ్యే మైదానాలు. లేని సముద్రానికి పెట్టిన మట్టం ఈ ఒక్కచోట నిజమవుతుంది. ల్యాండర్ మెల్లగా వచ్చి కాళ్లు ఆనిస్తే ఒక్కసారి చిన్నగా ఎగిరి సర్దుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: ఇంధనం మొత్తం అయిపోయినా కెర్బల్ తన వీపుకున్న జెట్‌ప్యాక్‌తో మిన్మస్ నుంచి లేచి కక్ష్యలోకి చేరుకోగలడు. ఎవరి దయా అక్కర్లేదు. ఈ ఒక్క అర్హతతో మిన్మస్‌కు సింహాసనం వేయాలి. ఆటగాడు మాత్రం ‘మరీ ఈజీ’ అని పెదవి విరుస్తాడు. ఎవరికి ఈజీ నాయనా? నువ్వు ఏసీ గదిలో ఉన్నావు.

ఈ పరీక్ష పెడితే ఇంకా బాగా నెగ్గేది ఈవ్ అనే గ్రహం చుట్టూ తిరిగే గిల్లీ. వ్యాసార్ధం 13 కిలోమీటర్లు. సెకనుకు 36 మీటర్ల వేగం, అంటే గంటకు 130 కిలోమీటర్లకు దగ్గరగా వెళ్తే చాలు, గిల్లీని వదిలి శాశ్వతంగా వెళ్లిపోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కొందరు రోజూ వెళ్లే వేగమే. 100 మీటర్ల ఎత్తు నుంచి వస్తువును వదిలేస్తే నేలకు చేరడానికి నిమిషం పైనే పడుతుంది. దిగడం అంటే అక్కడ దిగడం కాదు, ఎదురుచూడటం. దీన్ని బోరు అంటారు ఆటగాళ్లు. శ్రీహరికోటలో 2023 జులై 14న లేచిన చంద్రయాన్-3, కక్ష్యను విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయి ఆగస్టు 23న దిగేదాకా పట్టిన 40 రోజులూ, టీవీ ముందు, గేమ్‌లో కాలాన్ని పరుగెత్తించే టైమ్ వార్ప్ బటన్ ఎక్కడుందని వెతికినవాళ్లు వీళ్లే అయ్యుండాలి.

ఇప్పుడు పరువు ప్రతిష్ఠల చందమామలకు వద్దాం. జూల్ అనే ఆకుపచ్చ మహాగ్రహం చుట్టూ ఐదున్నాయి. వాటిలో లేత్ అందగత్తె. సముద్రాలున్నాయి, గాలి ఉంది, ఆ గాలిలో ఆక్సిజన్ కూడా ఉంది కాబట్టి జెట్ ఇంజిన్లు పనిచేస్తాయి. తొమ్మిదింటిలో ఈ భోగం దీనికొక్కదానికే. లేత్ ఎప్పుడూ ఒకే ముఖం జూల్ వైపు పెట్టి తిరుగుతుంది కాబట్టి, సరైన వైపు దీవి మీద దిగితే ఆకాశంలో జూల్ కదలకుండా వేలాడుతుంటుంది. స్క్రీన్‌షాట్ తీసి వాల్‌పేపర్ పెట్టుకుంటారు. ఆ ఫొటోలో ఇసుక మీద నిలబడ్డ చిన్న ఆకారం ఎవరని అడగండి. ‘వాలెంటీనా’ అంటారు. ఇంటికెప్పుడొస్తుందని అడగండి. మాట మారుస్తారు. గాలి ఉన్నచోట పారాచూట్‌తో దిగడం తేలిక. అదే గాలిని చీల్చుకుంటూ, కెర్బిన్‌లో 80 శాతం ఉన్న గురుత్వాన్ని గెలిచి పైకి రావడానికి ఇంకో రాకెట్టే కావాలి. దాన్ని అంత దూరం మోసుకొచ్చినవాళ్లు తక్కువ. జెండా పాతడం మాత్రం ఎవరూ మరిచిపోరు. జెండా కింద ఫలకం మీద నాలుగు మాటలు రాసుకునే వీలుంది. రాసేది ఆటగాడే, నిలబడేది కెర్బల్. మన దగ్గర శంకుస్థాపన ఫలకాలు చూసినవాళ్లకు ఆ తర్వాత కథ తెలిసిందే.

టైలో మరీ ఘోరం. సైజులో కెర్బిన్ అంత, గురుత్వం లేత్ అంత, గాలి మాత్రం బొట్టు కూడా లేదు. కక్ష్యలో సెకనుకు రెండు కిలోమీటర్ల పైన ఉండే వేగాన్నంతా ఇంజిన్‌తోనే చంపుకుంటూ దిగాలి. పారాచూట్ పెట్టుకుంటే అలంకారానికి పనికొస్తుంది. కాబట్టి ‘నాకు టైలో అంటే ఇష్టం’ అన్న మాటకు అర్థం, ‘నేను కష్టమైనది చేశాను’ అని. చందమామను మెచ్చుకుంటున్నట్టు నటిస్తూ తనను తాను మెచ్చుకునే ఈ కళలో మనవాళ్లకు ఎవరూ సాటిరారు.

వాల్ ఉంది, మంచు ఉంది, ఒక రాళ్ల వలయం ఉంది, అభిమానులు లేరు. పోల్ పసుపుపచ్చగా ముద్దుగా ఉంటుంది, అక్కడిదాకా పోయినవాళ్లు ఎలాగూ పక్కవాటి గురించే చెప్పుకుంటారు. డూనా అనే గ్రహం చుట్టూ తిరిగే ఐక్ గురించి అభిప్రాయం అక్కర్లేదు. డూనాకు బయల్దేరినవాడికి అడ్డం వచ్చి అదే పరిచయం చేసుకుంటుంది.

బాప్ దగ్గర మాత్రం ఆగాలి. తొలి రోజుల్లో ఈ గేమ్‌లో నౌకలు బాగా వేగం అందుకున్నాక కారణం లేకుండా గజగజ వణికి ముక్కలైపోయేవి. చాలా పెద్ద అంకెల దగ్గర దశాంశాల లెక్క తప్పడం దీనికి మూలం. ఆటగాళ్లు దానికి క్రాకెన్ అని రాక్షసుడి పేరు పెట్టారు. తయారుచేసినవాళ్లు చివరికి నౌకను కదిలించడం మానేసి, దాని చుట్టూ ఉన్న లోకాన్నే కదిలించే ఉపాయం పన్ని చాలావరకు బాగుచేశారు. క్రాకెన్ శవం ఒకటి బాప్ మీద పడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తప్పుకు సమాధి ఉన్న చందమామ ఇదొక్కటే. మన దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తుల పోర్టళ్లకూ ఇలాంటి ఏర్పాటు చేయాలంటే స్థలం చాలదు.

ఇంతకీ ఓట్లన్నీ వేయాల్సిన చందమామలు వేరే ఉన్నాయనే వాదన కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో గేమ్ రెండో భాగం ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి వచ్చింది. వలస నగరాలు, వేరే నక్షత్రాలు, వాటి గ్రహాలు, అన్నీ ముందు ముందు వస్తాయన్నారు. 2024లో పని ఆగిపోయింది. ఆ రాని లోకాలను అందరూ ఏకగ్రీవంగా ప్రేమించారు. అక్కడ ఎవరి రాకెట్టూ పడిపోలేదు, ఎవరి కెర్బలూ దిగబడిపోలేదు. రికార్డు మచ్చలేనిది.

కాబట్టి సంబంధిత అధికారులకు మనవి. ఇకపై ఇష్టమైన చందమామ పేరు చెప్పదలచినవారు, అక్కడికి పంపిన కెర్బల్‌ను కెర్బిన్‌కు ప్రాణాలతో తెచ్చినట్టు రుజువు చూపించాలి. దిగి రాలేకపోయినవారికి సగం ఓటు, అది కూడా చిక్కుకున్న కెర్బల్ పేరు మీద. స్క్రీన్‌షాట్లు రుజువు కింద చెల్లవు. ‘రెస్క్యూ దారిలో ఉంది’ అన్న జవాబు అంతకన్నా చెల్లదు.

అయితే ఎఫ్9 కేసుల విషయంలో ఈ రుజువులు చూసే కమిటీకి ఇబ్బంది వస్తుంది. కీబోర్డు మీద ఎఫ్5 నొక్కి దాచుకున్న ఆటను, రాకెట్ నేలకు గుద్దుకున్నాక ఎఫ్9 పట్టి ఉంచి వెనక్కి తెచ్చుకుంటారు. చచ్చినవాడు మళ్లీ కక్ష్యలో కూర్చుని, కింద కొండకేసి ఉత్సాహంగా చూస్తుంటాడు. ఇలా ఎన్నోసార్లు పోయి, ఆఖరిసారి మాత్రమే మెత్తగా దిగి ఇంటికొచ్చిన కెర్బల్‌ను బోనెక్కించి ‘బాబూ, టైలో ఎలా ఉంది?’ అని అడిగితే, ‘బాగుంది సార్, మొదటిసారే దిగిపోయాం’ అని ప్రమాణం చేసి మరీ చెబుతాడు. అబద్ధం కూడా కాదు. ఈ సాక్ష్యాన్ని ఏం చేయాలో తేల్చే పనిని గౌరవ న్యాయశాఖకు వదిలేస్తున్నాం.