ముక్కు మీద మూడున్నర గంటలు

పోయిన ఆదివారం మియాపూర్‌లో మా మిత్రుడి ఫ్లాట్‌లో ఐదుగురం పెద్దమనుషులం కూర్చుని ఒక ముక్కు గురించి మూడున్నర గంటలు మాట్లాడుకున్నాం. ముక్కు ఎవరిదంటే టోనీ స్టార్క్‌ది, అంటే ఐరన్‌మ్యాన్ హెల్మెట్ తీస్తే లోపల ఉండే మనిషిది, అంటే ఆ వేషం వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్‌ది, అంటే ఆయన ఫోటోలు ముందేసుకుని ఎవరో శిల్పి చెక్కితే ఫ్యాక్టరీలో పోతపోసిన పన్నెండు అంగుళాల బొమ్మది. అది అర మిల్లీమీటర్ వెడల్పు ఎక్కువైందని ఒక వర్గం, ముక్కు కరెక్టే మీ రిఫరెన్స్ ఫోటోయే తప్పని ఇంకో వర్గం. మాలో నలుగురికి పెళ్ళిళ్ళయ్యాయి, ముగ్గురికి హోమ్ లోన్లున్నాయి. మధ్యలో మూడుసార్లు టీ వచ్చింది, నాలుగోసారి రాలేదు, ఆ ఇంటావిడ ఏ వర్గమో దాన్నిబట్టి అర్థమైంది.

అర మిల్లీమీటరేగా అని తీసిపారేసేవాళ్ళుంటారు, వాళ్ళకి లెక్కలు రావు. ఇవి ఆరో వంతు బొమ్మలు, వన్ సిక్స్త్ స్కేల్ అంటాం, బొమ్మ మీద అర మిల్లీమీటర్ అంటే మనిషి మొహం మీద మూడు మిల్లీమీటర్లు. మీ ముక్కు తెల్లారేసరికి మూడు మిల్లీమీటర్లు పెరిగితే మీ ఆవిడ గుర్తుపట్టదా? (మా ఆవిడ పట్టదు. నేను మీసం తీసేసిన నాలుగో రోజు, ఏంటి ఒంట్లో బాలేదా అనడిగింది.)

ఇంతకీ ముక్కుని కొలిచారా అంటే కొలిచాం. మియాపూర్ మిత్రుడు డిజిటల్ కాలిపర్, అంటే సన్నటి కొలతలు తీసే పనిముట్టు కొన్నాడు. వాడు చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కాలేజీ ల్యాబ్ తర్వాత మళ్ళీ కాలిపర్ పట్టుకోవడం ఇదే మొదటిసారి, వాళ్ళ నాన్న కట్టిన ఫీజు ఇన్నాళ్ళకి గిట్టుబాటైందని మేమంతా సంతోషించాం. బొమ్మ ముక్కు కొలిస్తే ఆరు చిల్లర మిల్లీమీటర్లొచ్చింది. బాగానే ఉంది, మరి దేనితో పోల్చాలి? అసలు ముక్కు అమెరికాలో ఉంది, కాలిపర్ మియాపూర్‌లో ఉంది. కాబట్టి సినిమాని ఆపి స్క్రీన్ మీద కొలవాలి, అక్కడ మొదలైంది అసలు గొడవ. వైడ్ లెన్స్‌తో దగ్గర్నుంచి తీస్తే ఎవడి ముక్కైనా బోండాలా వస్తుంది, దూరం నుంచి పొడుగు లెన్స్‌తో తీస్తే ముక్కు తగ్గి మొహం చదునవుతుంది, ఫోటోలు తీసే ఎవర్నడిగినా చెప్తారు. అంటే ఒకే సినిమాలో ఒకే మనిషికి సీనుకో ముక్కు. సెకండాఫ్ ముక్కు ప్రామాణికమని ఒకాయన, ఇంటర్వెల్ ముందుదే అసలైందని ఇంకొకాయన, చివరికి అది శైవ వైష్ణవ వాదంలా తయారైంది.

మా భాష తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. తలని తల అనం, హెడ్ స్కల్ప్ట్ అంటాం. రంగుని పెయింట్ అప్లికేషన్ అంటాం, ముద్దుగా పెయింట్ యాప్. పోలిక లైక్‌నెస్. ప్యాంటు కుట్టు సినిమాలో ఎన్ని వరసలుందో బొమ్మకీ అన్నే ఉంటే స్క్రీన్ యాక్యురేట్. ముందు ఫోటోల్లో చూపించేది ప్రోటో, అది దేవుడు. ఏడాదిన్నర తర్వాత మనింటికొచ్చేది ప్రొడక్షన్ పీస్, అది మనిషి. దేవుడికీ మనిషికీ ఉండే తేడాకి సంజాయిషీ డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ముందే రాసిపెట్టి ఉంటుంది, అసలు వస్తువు ఫోటోలో చూపినదానికంటే వేరుగా ఉండొచ్చని. పెళ్ళిచూపుల ఫోటోల వెనక కూడా ఇలాంటి లైనొకటి ఉంటే ఎంతమంది బాగుపడేవాళ్ళో.

పోలిక కుదరకపోతే ఏం చేస్తారంటే తల మారుస్తాం. వేరేవాళ్ళు చేసిన తలలు విడిగా అమ్ముతారు, లైసెన్స్ ఉండదు కాబట్టి వాటి మీద నటుడి పేరు ఉండదు, చూసి మనమే అర్థం చేసుకోవాలి. దీన్ని హెడ్ స్వాప్ అంటాం. ఇందులో వచ్చే ప్రధాన సమస్య మెడ రంగు ఒకటి, మొహం రంగు ఇంకొకటి అవ్వడం, దీని మీద ఎన్ని స్నేహాలు చెడ్డాయో చెప్పలేను. నాకు మాత్రం ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది, మొట్టమొదటి హెడ్ స్వాప్ జరిగింది కైలాసంలో, అక్కడ స్కేల్ కలవలేదు, స్కిన్ టోన్ కలవలేదు, మెటీరియలే వేరు, అయినా ఇప్పటిదాకా ఒక్క భక్తుడు కూడా లైక్‌నెస్ బాలేదనలేదు. పైగా మొదటి పూజ ఆయనకే. ఈ మాట మా సభలో అంటే, అది క్యారెక్టర్ రీడిజైన్ కిందకొస్తుంది, హెడ్ స్వాప్ కాదు అని ఒకాయన నన్ను సరిదిద్దాడు.

ఈ వ్యసనానికి చరిత్ర కూడా ఉంది. 1977లో స్టార్ వార్స్ సినిమా ఇంత ఆడుతుందని ఎవరూ అనుకోలేదు, బొమ్మలు చేసే హక్కు తీసుకున్న కెన్నర్ అనే కంపెనీ క్రిస్మస్‌కి సరుకు అందించలేకపోయింది. అప్పుడేం చేసిందంటే, ఖాళీ అట్టపెట్టె అమ్మింది. అందులో బొమ్మల్లేవు, ఒక సర్టిఫికెట్ ఉంటుంది, పోస్టులో పంపితే తర్వాత నాలుగు బొమ్మలొస్తాయి. పిల్లలు అట్టముక్క చూసుకుంటూ పండగ చేసుకున్నారు. లైక్‌నెస్ మీద ఒక్క ఫిర్యాదు లేని ఏకైక ప్రొడక్ట్ అదేనని నా అభిప్రాయం.

1978లో బొమ్మలొచ్చాయి, మూడు ముప్పావు అంగుళాలు. హీరో ల్యూక్ చేతిలో కత్తి సినిమాలో నీలం, బొమ్మకి పసుపు. హాన్ సోలో బొమ్మకి మొదట చిన్న తల పెట్టారు, తర్వాత పెద్ద తల పెట్టారు. ఈ రోజు మాలాంటివాళ్ళకి ఇలాంటి బొమ్మ వస్తే కంపెనీకి ఉత్తరాలు, బాయ్‌కాట్‌లు, నల్ల బ్యాడ్జీలు. అప్పటి పిల్లలు మాత్రం ఆ పసుపు కత్తితోనే సోఫా కింద నాలుగు గ్రహాలు జయించారు. ఆ పిల్లలే పెద్దయ్యి ఇప్పుడు చిన్న తలా పెద్ద తలా అని విడివిడిగా రెండూ కొంటున్నారు, ఒకటి తప్పు అయితే రెండోది ఎందుకు అని ఎవరూ అడగరు. 1995లో అవే బొమ్మలు మళ్ళీ తీసినప్పుడు అందరికీ జిమ్ముకెళ్ళినట్టు కండలు పెట్టారు, లేయా రాకుమారి మొహానికైతే అభిమానులే కోతి మొహం అని పేరెట్టారు. అదీ పక్కన పెట్టండి, రాకెట్ పేల్చే బోబా ఫెట్ అని ఒకటి, పిల్లలకి ప్రమాదమని అసలు అమ్మకానికే రాలేదు, దాని నమూనా ఒకటి 2024లో వేలంలో 5 లక్షల 25 వేల డాలర్లు పలికింది. తప్పు బొమ్మకి ఇంత, లేని బొమ్మకి అంత. కరెక్టుగా ఉన్న బొమ్మకి? ఎమ్మార్పీ.

అసలు సినిమాయే నిజం చెప్పకపోతే పరిస్థితేంటి అనేది మా వాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేని ధర్మసంకటం. 2017లో హెన్రీ కావిల్ సూపర్‌మ్యాన్‌గా కొన్ని సీన్లు మళ్ళీ షూట్ చేయాల్సొచ్చింది, అప్పటికే ఆయన ఇంకో సినిమా కోసం మీసం పెంచాడు, ఆ సినిమావాళ్ళు గీయడానికి వీల్లేదన్నారు. దాంతో మీసంతోనే షూట్ చేసి కంప్యూటర్‌లో చెరిపేశారు, పైపెదవి ఎలా వచ్చిందో చూసినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఆ సినిమా సూపర్‌మ్యాన్ బొమ్మ చేస్తే పైపెదవి ఎలా చెయ్యాలి? మనిషిలా చేస్తే స్క్రీన్ యాక్యురేట్ కాదు, స్క్రీన్‌లా చేస్తే మనిషిలా ఉండడు. ఈ ప్రశ్నకి మా సభలో రెండు ఆదివారాలు పట్టింది, జవాబు రాలేదు, మిర్చిబజ్జీలు అయిపోయాయి.

ఇక ధర. సముద్రం దాటి వచ్చే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 చేశారు. సుంకం కట్టేటప్పుడు అది బొమ్మ. డబ్బా మీదేమో ఇది పిల్లల బొమ్మ కాదు, పెద్దవాళ్ళ కలెక్టబుల్ అని ఉంటుంది. మా ఆవిడ దృష్టిలో అది ఈఎంఐ. ఒకే వస్తువు ఇన్ని రూపాలు ధరిస్తుంటే దానికి సొంత మొహం సరిగ్గా లేదని గొడవపడటం ఏంటో నాకూ అర్థం కాదు, కానీ గొడవపడతాను.

మనవైపు పోలిక గొడవలు లేవా అంటే లేకేం, మనవి ఇంకా పెద్ద సైజు. 2019 మార్చిలో మహేశ్ బాబు మైనపు విగ్రహాన్ని సింగపూర్ తీసుకెళ్ళేముందు ఒకరోజు హైదరాబాద్‌లో ఏఎంబీ సినిమాస్‌లో పెట్టారు, ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో చూసి ఏది ఎవరని జనం ఆడుకున్నారు, అది పోలిక అంటే. 2023లో మైసూరు మ్యూజియంలో ఒక బాహుబలి విగ్రహం ఫోటో బయటికొచ్చింది, ఇదెవరు బాబూ అని ప్రభాస్ అభిమానులు లబోదిబోమన్నారు, నిర్మాత శోభు యార్లగడ్డ మా అనుమతి లేకుండా చేశారు, తీయించేస్తాం అన్నారు. కానీ ఒకటి గమనించండి, మొహం ఎవరిదో తెలియకపోయినా అది బాహుబలి అని అందరికీ తెలిసింది, ఎందుకంటే కవచం ఉంది. మా భాషలో చెప్పాలంటే కాస్ట్యూమ్ పాస్, హెడ్ స్కల్ప్ట్ ఫెయిల్. ఒక్క తల మారిస్తే పోయేదానికి అంత రాద్ధాంతం.

మన సెంటర్లలో విగ్రహాలు కూడా ఇదే పద్ధతి. కళ్ళజోడు, పంచె, పైకెత్తిన చెయ్యి, కింద పేరు. ఆ పేరే లైక్‌నెస్. ఎన్టీఆర్ విషయంలో అయితే లెక్క మొత్తం తిరగబడింది, ఆయన కృష్ణుడిలా ఉన్నాడా అని అడిగినవాడు లేడు, క్యాలెండర్‌లో కృష్ణుడు ఆయనలా లేకపోతేనే మా నాయనమ్మ ఈయనెవరో కొత్తగా ఉన్నాడే అనేది.

ఇక్కడ నా సొంత గాయం ఒకటి చెప్పుకోవాలి. మొన్న సంక్రాంతికి అమ్మ బొమ్మల కొలువు పెట్టింది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే మనిషి, శెట్టిగారూ భార్యా, ఏటికొప్పాక లక్కపిడతలు. నేను ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, మూడో మెట్టు మీద శెట్టిగారి పక్కన నా డార్త్ వేడర్! స్టార్ వార్స్ విలన్, పన్నెండు అంగుళాల నల్లటి విగ్రహం, తోలులా కనిపించే ఆ డ్రెస్సు చెమ్మ తగిలితే పొట్టు రాలుతుందని సిలికా ప్యాకెట్లు పెట్టి అద్దాల బీరువాలో దాచుకున్నది, హెల్మెట్ మీద ఇంత కుంకుమ బొట్టుతో అక్షింతల మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఇదేంటమ్మా!"

"శనేశ్వరుడనుకున్నాన్రా. కాదా?"

కాదని చెప్పి, అసలు ఎవరో చెప్పబోయాను. మంచివాడే కానీ చెడిపోయాడు, ముసుగు లేకపోతే ఊపిరాడదు, కొడుకుతోనే యుద్ధం చేశాడు అన్నాను. "అయితే మీ పెద్దమామయ్యలాంటోడు" అని అమ్మ ఇంకో రెండు అక్షింతలు వేసింది. పేరంటానికొచ్చిన వాళ్ళెవరూ భుజాల మీది కేప్ పొడుగు తగ్గిందని గానీ ఛాతీ మీద బటన్ల రంగు తప్పని గానీ అనలేదు, అంబారీ ఎక్కిన రాజు ఏ రాజు అని ఎప్పుడు అడిగారు గనక. కుంకుమ మాత్రం పూర్తిగా పోలేదు. మా సభలో ఆ మచ్చ మీద చర్చ పెట్టాను, విలువ సగానికి పడిపోయిందని ముగ్గురు, ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే కాబట్టి రెట్టింపయ్యిందని ఒకరు.

ఆ రోజే కొలువు సర్దుతుంటే గోడ మీద తాతయ్య ఫోటో కనిపించింది. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది, ఎప్పుడూ ఇలా చూడలేదు, ఈ జబ్బు పట్టాక చూపు మారిపోయింది. ఏదో పెళ్ళి గ్రూప్ ఫోటోలో చివరి వరసలో గోరంత ఉన్న మొహాన్ని స్టూడియో ఆయన పెద్దది చేసి, మసకైన చోట్ల బ్రష్షుతో కళ్ళు దిద్ది, కింద కోటూ టై వేశాడు. తాతయ్య బతికున్నన్నాళ్ళూ పంచే, కోటు వేసుకున్నది పోయాకే. ఎడమ కన్ను కొంచెం పైకుంది. చెవులు రెండూ ఒకే చెవిని అటొకటి ఇటొకటి అచ్చేసినట్టున్నాయి. ప్రోటో ఎలా ఉండేదో నాకు గుర్తులేదు, నాకప్పుడు నాలుగేళ్ళు.

"అమ్మా, తాతయ్య ముక్కు ఇలాగే ఉండేదా?" అనడిగాను.

అమ్మ శెట్టిగారిని పాత చీరముక్కలో చుడుతూ ఆగి ఫోటో వంక చూసింది. చాలాసేపు చూసింది. "ఏమోరా. మొదట్లో మా నాన్నలా లేదనే ఏడ్చాను. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఈ మొహమే వస్తోంది" అంది. తర్వాత, ఆ నల్లోడిని కూడా ఇవ్వు, చుట్టేస్తాను, లేకపోతే ఎలకలు కొడతాయి అంది.

ఇచ్చాను. కొండపల్లి పెట్టెలోనే ఉన్నాడు, దశావతారాలకి కాస్త పక్కగా. ఈ సంగతి మా సభలో ఇంకా చెప్పలేదు, చెమ్మ గురించి క్లాసు పీకుతారు. వచ్చే ఆదివారం అజెండా చెవులు. మియాపూర్ మిత్రుడు కాలిపర్‌కి కొత్త సెల్ వేయించాడట, టీ ఫ్లాస్కు మాత్రం ఎవరి ఇంటి నుంచి వాళ్ళే తెచ్చుకోమన్నాడు.