గెలిచిన మర్నాటి నుంచి మొదలయ్యే పని

విద్యార్థి సంఘం ఎన్నికలంటే అందరికీ ఆసక్తే. ఎవరు నిలబడ్డారు, ఏ ప్యానెల్ గెలిచింది, ఎన్ని ఓట్ల తేడా పడింది అంటూ ఫలితాలొచ్చిన రాత్రి క్యాంపస్ అంతా మేలుకునే ఉంటుంది. తెల్లారాక ఆ ఊసుండదు. గెలిచినవాళ్లు ఏ కమిటీలో ఎవరిని వేశారు, అందరి ఫీజుల్లోంచి వచ్చిన డబ్బు ఏ క్లబ్బుకి ఎంత పంచారు, ఆడిటోరియం ఎవరికిచ్చారు, ఎవరికి కాదన్నారు అని అడిగేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాటకం దగ్గర్నుంచి రక్తదాన శిబిరం దాకా, తరగతి గది బయట జరిగేదాంట్లో ఎక్కువ భాగం నడిచేది ఆ కమిటీల చేతుల మీదుగానే.

మన దేశంలో ఈ విషయం మీద జరిగిన పెద్ద ప్రయత్నం కూడా ఎన్నికల దగ్గరే ఆగింది. విద్యార్థి సంఘం ఎన్నికలు ఎలా జరగాలో చెప్పడానికి వేసిన లింగ్డో కమిటీ సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, కనీసం 75 శాతం హాజరు ఉండాలి, ఫలితాలొచ్చిన రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్కలు అప్పగించాలి. మంచి నిబంధనలే, కాదనను. అయితే ఎన్నికల్లో పెట్టిన సొంత డబ్బుకే ఇంత లెక్క అడిగినప్పుడు, గెలిచాక ఏడాది పొడుగునా పంచే అందరి డబ్బుకు అంతకంటే గట్టిగా అడగాలి కదా. ఆ మాట మాత్రం మన చర్చల్లోకి రాదు.

కమిటీల పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. క్లబ్బు ఒక దరఖాస్తు ఇస్తుంది: ఏ కార్యక్రమం, ఏ తేదీ, ఎంతమంది వస్తారు, ఎంత ఖర్చు. బడ్జెట్ కమిటీ పిలిచి మాట్లాడుతుంది. ఒప్పుకుంటే హాలు బుకింగ్, స్టూడెంట్ అఫైర్స్ డీన్ సంతకం, సెక్యూరిటీకి ముందస్తు సమాచారం, అడ్వాన్స్, కార్యక్రమం అయ్యాక బిల్లులు. సాంస్కృతిక కమిటీ, క్రీడల కమిటీ, హాస్టల్ కమిటీ అని పేర్లు ఎన్ని ఉన్నా అసలు బలం బడ్జెట్ కమిటీదే. నలుగురైదుగురు విద్యార్థులు ఒక సాయంత్రం కూర్చుని తీసుకున్న నిర్ణయంతో ఒక క్లబ్బు ఆ ఏడాది బతుకుతుంది, లేదంటే మూతపడుతుంది.

ఆ సాయంత్రం ఎలా ఉంటుందో నాకు బాగా గుర్తు. నేను కమిటీలో ఉన్న ఏడాది, చేతిలో ఉన్న మొత్తానికి రెండింతలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ముందు డాన్స్ బృందం వచ్చింది, వాళ్ల కార్యక్రమానికి హాలు నిండుతుందని అందరికీ తెలుసు. చివర్లో చెస్ క్లబ్బు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సభ్యులు పదకొండు మంది. కావాల్సింది నాలుగు చెస్ గడియారాలు, అంతే. అప్పటికి రాత్రి తొమ్మిది దాటింది, అందరం అలసిపోయి ఉన్నాం. "పదకొండు మంది కోసమా?" అన్నారెవరో. ఆ ఒక్క మాటతో దరఖాస్తు పక్కకు పోయింది. కాదనడానికి మేం కారణం రాయలేదు. రాయాలన్న రూలూ లేదు. మా కన్వీనర్ డాన్స్ బృందంలో సభ్యుడన్న సంగతి అందరికీ తెలుసు, అది తప్పుగా ఎవరికీ అనిపించలేదు. అతను మోసగాడు కాదు, చాలా కష్టపడే మనిషి. తను ఉన్న క్లబ్బు దరఖాస్తు వచ్చినప్పుడు గదిలోంచి లేచి బయటికి వెళ్లాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇలాంటి చిన్న నిర్ణయం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో జరిగింది చూస్తే తెలుస్తుంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో ప్రతి విద్యార్థీ సెమిస్టర్‌కు 14 డాలర్లు కార్యక్రమాల ఫీజు కట్టేవారు. ఆ నిధిలోంచి తమ పత్రిక అచ్చు ఖర్చుకు 5,862 డాలర్లు ఇమ్మని కొందరు విద్యార్థులు అడిగారు. అది క్రైస్తవ దృక్పథంతో వచ్చే పత్రిక కాబట్టి మతపరమైన కార్యకలాపాలకు డబ్బు ఇవ్వకూడదన్న రూలు చూపించి, విద్యార్థి మండలి నిధుల కమిటీ కాదంది. మండలికి అప్పీలు పెట్టుకున్నా అదే జవాబు. చివరికి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో న్యాయమూర్తులు 5-4 తేడాతో విద్యార్థుల పక్షాన తీర్పు ఇచ్చారు. మిగతా పత్రికలకు అచ్చు ఖర్చు ఇస్తున్నప్పుడు, ఒక దృక్పథంతో రాస్తోందని ఈ పత్రికకు మాత్రం ఆపకూడదన్నారు. ఆ తీర్పుతో ఏకీభవించనివాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. నన్ను ఆలోచనలో పడేసేది వేరే సంగతి. దేశంలోనే పెద్ద కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో కూర్చుని పరిశీలించింది, విద్యార్థుల కమిటీ ఒక దరఖాస్తు మీద చెప్పిన జవాబును.

ఐదేళ్ల తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి ఇంకో కేసు వచ్చింది. ఈసారి ఫిర్యాదు అటువైపు నుంచి. మాకు నచ్చని సంఘాలకు మా ఫీజు డబ్బు ఎందుకు ఇవ్వాలి అని కొందరు విద్యార్థులు అడిగారు. అభిప్రాయాన్ని బట్టి తేడా చూపకుండా అందరికీ ఒకే కొలతతో పంచితే ఫీజు వసూలు చేయొచ్చని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉండేది: విద్యార్థులందరూ ఓటేసి ఫలానా సంఘానికి డబ్బు ఇవ్వాలనో, ఆపాలనో తేల్చొచ్చు. ఆ పద్ధతిని మాత్రం కోర్టు అనుమానంగా చూసింది. ఎక్కువమంది చేతులెత్తారు కాబట్టి ఇస్తాం, ఎత్తలేదు కాబట్టి ఆపేస్తాం అంటే తక్కువమంది ఉన్నవాళ్ల మాటకు రక్షణ ఎక్కడిది? మా చెస్ క్లబ్బు అమ్మాయి గుర్తొస్తుంది నాకు ఇది చదివినప్పుడల్లా. కమిటీని ఓట్లతోనే ఎన్నుకుంటాం, నిజమే. కానీ డబ్బు పంచే గదిలో మళ్లీ ఓట్ల లెక్కే చూస్తే, పెద్ద బృందాలు ఏటా పెద్దవవుతాయి, చిన్నవి రెండేళ్లలో కనపడకుండా పోతాయి.

బ్రిటన్ ఈ విషయాన్ని చట్టంలోనే పెట్టింది. అక్కడి 1994 విద్యా చట్టం ప్రకారం, విద్యార్థి సంఘం క్లబ్బులకు నిధులు పంచే పద్ధతి న్యాయంగా ఉండాలి, రాతలో ఉండాలి, విద్యార్థులందరూ చూసేలా అందుబాటులో ఉండాలి. మూడే షరతులు. నా ఉద్దేశంలో రెండోది అన్నిటికంటే ముఖ్యం. రాతలో ఉంటేనే న్యాయమో కాదో అవతలివాళ్లు చూసి అడగగలరు.

రాత లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విద్యార్థి కమిటీకి ఆయుష్షు ఒక్క ఏడాది. ఆఫీసు ఉద్యోగి ఇరవై ఏళ్లు అదే కుర్చీలో ఉంటాడు, ఏ ఫైలు ఎక్కడుందో చీకట్లో కూడా తీయగలడు. కన్వీనర్ అలా కాదు. పని అర్థమయ్యేసరికి పరీక్షలొస్తాయి, పరీక్షలవగానే వెళ్లిపోతాడు. మేం బాధ్యత తీసుకున్న రోజు పాత కమిటీ మాకు అప్పగించినవి రెండే: ఒక బీరువా తాళం చెవి, సౌండ్ సిస్టమ్ వాళ్లకు కట్టని ఒక బిల్లు. ఆ బిల్లు ఎవరు ఒప్పుకున్నారో, అడ్వాన్స్ ఎంత ఇచ్చారో తెలియదు. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. మొదటి నెలంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది. ఆ గందరగోళంలో మేం చేసిన తప్పులు అంతకుముందు ఏడాది వాళ్లూ చేసే ఉంటారు.

ఈ మతిమరుపు వల్ల అధికారం మెల్లగా డీన్ ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఎవరో లాక్కోనక్కర్లేదు. పాత సంగతులు తెలిసింది ఆఫీసు వాళ్లకే కాబట్టి ప్రతిదానికీ వాళ్లనే అడగాల్సి వస్తుంది. అడిగి అడిగి, నిర్ణయం వాళ్లది, కుర్చీలు వేయడం బ్యానర్లు కట్టడం విద్యార్థులది అన్న చోటికి చేరుతుంది. మధ్యయుగాల్లో ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం విద్యార్థులు తమలోంచే రెక్టర్లను ఎన్నుకుని, పాఠానికి ఆలస్యంగా వచ్చిన ఆచార్యులకు జరిమానా కూడా వేసేవారు. అంత అధికారం ఇప్పుడు ఎవరూ కోరడం లేదు. తాము కట్టిన ఫీజుతో జరిగే కార్యక్రమం తేదీని తాము ఖాయం చేసుకోగలిగితే చాలు.

అందుకే కొత్త కమిటీలు ఏర్పడ్డ ప్రతిసారీ నేను అడిగే మాటలు ఇవే. కాదన్న ప్రతి దరఖాస్తుకూ ఒక్క వాక్యంలోనైనా కారణం రాసి నోటీసు బోర్డులో పెట్టండి. సొంత క్లబ్బు వంతు వచ్చినప్పుడు సభ్యులు లేచి బయటికి వెళ్లాలి, వెళ్లారని మినిట్స్‌లో రాయాలి. పెద్ద బృందాల కేటాయింపు మొదలుపెట్టకముందే చిన్న క్లబ్బుల కోసం కొంత మొత్తం విడిగా తీసి పెట్టాలి. పాత కమిటీ, కొత్త కమిటీ కనీసం ఒక నెల కలిసి పనిచేయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పైనుంచి అనుమతి అక్కర్లేదు, అదనపు డబ్బు అంతకన్నా అక్కర్లేదు.

మా పదవీకాలం ఇంకో మూడు వారాల్లో అయిపోతుందనగా మేం ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. ఏ హాల్లో ఎన్ని ప్లగ్ పాయింట్లు పనిచేస్తాయి, ఏ సంతకానికి ఎన్ని రోజులు పడుతుంది, ఏ బిల్లు ఎందుకు వెనక్కి వచ్చింది అన్నీ రాశాం. చెస్ క్లబ్బు దరఖాస్తు సంగతి కూడా రాశాం, మా తప్పేనని. ఆ ఏడాది కొత్త కన్వీనర్‌గా వచ్చింది జూనియర్ అమ్మాయి ఒకతె. కొన్నాళ్లకు క్యాంపస్‌కు వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ చూపించింది. చెస్ క్లబ్బు పేజీలో మా రాత కింద తన చేతిరాతతో ఒక లైను: "గడియారాలు నాలుగూ ఇచ్చాం. బీరువాలో రెండో అర."