అరిసె గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అరిసె గారి సముఖానికి,

డిసెంబరు వచ్చింది. కొత్త బియ్యం వచ్చాయి, అనకాపల్లి బెల్లం వచ్చింది, వాటి వెనకే తమరి గురించిన హెచ్చరికలూ వచ్చాయి.

క్రిస్మస్‌లో మిగతావాటితో నాకు పేచీ లేదు. నక్షత్రం కట్టడానికి ఒక కుర్చీ, ఒక వైరు ముక్క చాలు. పశువుల పాకకు గుప్పెడు గడ్డి చాలు. కేకు కొనుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ ఆయన మన దేశపు తొలి క్రిస్మస్ కేకు చేశారని చెప్పుకుంటారు. అంటే పుట్టుకతోనే అది బజారు సరుకు, ఇంటి పరువుతో దానికి సంబంధం లేదు. తమరి దారి వేరు. తమరిని కొని తెచ్చి పళ్ళెంలో పెడితే, పొరుగింటి పిన్నిగారు కొరికీ కొరకక ముందే "ఏ కొట్టువమ్మా?" అంటారు. ఆ ప్రశ్నలో రుచి గురించిన విచారం ఏమీ ఉండదు.

నన్ను తమరి పేరు చెప్పి భయపెట్టేవాళ్ళందరిదీ ఒకటే మాట. "అరిసెలు ఒక్కచేతి మీద అయ్యే వంట కాదమ్మా, నలుగురు ఉండాలి." పాకం పట్టడానికి ఒకరు, పిండి పోయడానికి ఒకరు, ఒత్తడానికి ఒకరు, వేయించి నూనె పిండడానికి ఇంకొకరు. మా ఇంట్లో ఉన్నది నేనూ, ఐదో తరగతి చదివే మా అబ్బాయీ. పాడె మొయ్యడానికి నలుగురు కావాలంటే అర్థం ఉంది. పాకానికి కూడా నలుగురేనా?

సరే, పెద్దలు చెప్పారు కదా అని ఆ నలుగురూ ఎవరో లెక్క తీశాను. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు. నిండు కుటుంబమంటే అందరూ ఇప్పటికీ ఆ ఇంటినే చూపిస్తారు. క్రిస్మస్ ముందు రోజుల్లో అక్కడ పొయ్యి దగ్గర తెడ్డు పట్టుకుని అమ్మమ్మ. బాణలి దగ్గర పెద్దత్తయ్య. తాతయ్య పడక కుర్చీలో పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే "పాకం ముదురుతున్నట్టుంది" అని ప్రకటించేవారు. పెద్దమామయ్య నక్షత్రం కొనడానికి పొద్దున బజారుకు వెళ్ళి, సరిగ్గా అన్నం వేళకు వచ్చేవాడు. మా నాన్న అల్లుడు కాబట్టి ఆయనకు రుచి చూసే శాఖ. మొదటి వాయి తిని, రెండో వాయి తిని, "పోయినేడు ఇంకా బాగా కుదిరాయి" అని తీర్పు చెప్పేవారు. పని చేసిన చేతులు ఎన్ని జతలో తమరికి తెలుసు. నూనెలో ఉన్నది తమరే కదా.

కాబట్టి అయ్యా, ఆ ఇంట్లో తమరు పుట్టింది ఇద్దరి చేతుల మీద. మా ఇంట్లోనూ ఇద్దరమే. తక్కువైనవి పడక కుర్చీ, పేపరు, తీర్పు. వీటిలో ఏది లేకపోతే పాకం కుదరదో వంటల పుస్తకాలు రాసేవాళ్ళు తేల్చి చెప్పాలి.

మా పద్ధతి ఇలా ఉంటుంది. బియ్యం ముందురోజే నానబెడతాం, మధ్యలో నీళ్ళు మారుస్తాం. వార్చిన బియ్యాన్ని తడి ఆరకుండా మూతపెట్టి మిల్లుకు పట్టుకెళ్ళడం మా అబ్బాయి పని. అక్కడ వరసలో నిలబడిన ఆడవాళ్ళు "అమ్మ రాలేదా నాయనా?" అంటే, "బెల్లం తరుగుతోంది" అని ఉద్యోగి ధీమాతో జవాబు చెబుతాడు. ఇంట్లో పాకం పరీక్షాధికారి కూడా వాడే. గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూస్తాడు. ఉండ మెత్తగా నిలబడాలి, గిన్నె అంచుకు కొడితే మోగకూడదు. మోగితే అది వేరుసెనగ ఉండల పాకం, మీ పాకం కాదు. ఈ తేడా మా నాన్నకు డెబ్భై ఏళ్ళకూ తెలియలేదు. దింపగానే నేను తెడ్డు తిప్పుతుంటాను, వాడు జల్లించిన పిండి పోస్తుంటాడు. "చాలు" అనే అధికారం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ తర్వాత చలిమిడి ఎంత మాయమవుతుందో లెక్క పెట్టను, పండగ పూట ఆడిట్ మంచిది కాదు. గుండ్రంగా వచ్చినవి పంపకానికి, మిగతావి మాకు. నూనెలో విరిగిన ముక్కలను గిన్నెలో వేసుకుని, ఆరాధనకు బయలుదేరేముందు నేల మీద కూర్చుని ఇద్దరం తినడం మా ఇంటి ఆచారం. వంశపారంపర్యం కాదు, మేమే పెట్టుకున్నాం.

ఇక అర్ధరాత్రి క్యారల్స్ సంగతి. సంఘం యౌవనస్థులు గిటారు, కంజిరలతో వచ్చి, వీధి కుక్కలన్నిటినీ మేల్కొలిపి చక్కగా పాడతారు. పాట అయ్యాక వెంట వచ్చిన పెద్దాయన ప్రార్థన చేస్తారు. పక్కింటివాళ్ళకు ఆరోగ్యం, ఎదురింటివాళ్ళకు వీసా అడిగిన నోటితోనే, మా గుమ్మం దగ్గర "ఒంటరిగా ఉన్న ఈ సహోదరికి తగిన తోడు దయచేయండి ప్రభువా" అంటారు. ఆ సమయంలో తమరున్న పళ్ళెం పట్టుకుని ఆయన పక్కనే ఒకడు నిలబడి ఉంటాడు. ఒంటరి అని దేవుడికి విన్నవించేముందు వాణ్ణి ఒకసారి లెక్కలో వేసుకోవచ్చు కదా! పోయినసారి ఆమేన్ కాగానే వాడే అడిగాడు: "తోడు అంటే అరిసెలు ఒత్తడానికా తాతగారూ?" ఆయన రెండు అరిసెలు తీసుకుని తర్వాతి ఇంటికి నడిచారు.

పన్నెండేళ్ళ బాలుడు యేసు యెరూషలేములో తప్పిపోయి దొరికిన తర్వాత, సువార్తల కథలో తండ్రి యోసేపు మళ్ళీ కనిపించడు. సొంత ఊరివాళ్ళు ఆ కొడుకును మరియ కుమారుడు అన్నారని మార్కు ఆరో అధ్యాయంలో ఉంది. నిండు కుటుంబం గురించి మాకు ఉపదేశించేవాళ్ళు డిసెంబరులో ఆ అధ్యాయం దాకా రారు. పశువుల పాక దగ్గరే ఆగిపోతారు, అక్కడ బొమ్మలు అన్నీ ఉంటాయి కనుక.

తమరిలో నాకు నచ్చే గుణం కూడా ఒకటి ఉంది, అది రాయకపోతే అన్యాయం. తమరికి మతం పట్టింపు లేదు. డిసెంబరులో మా ఇంటి నుంచి పళ్ళెం పిన్నిగారింటికి వెళుతుంది, సంక్రాంతికి గొబ్బెమ్మలున్న ఆ వాకిలి నుంచి మా ఇంటికి తిరిగి వస్తుంది. తమరు తమిళనాట అధిరసం, ఒడిశాలో ఆరిసా పిఠా, మహారాష్ట్రలో అనార్సే. పేరు మార్చుకుని ఇన్ని ఇళ్ళు తిరిగినవారు, ఇద్దరున్న ఇంటికి రావడానికి నామోషీ పడనక్కరలేదు.

ఈ ఏడు అరకిలో బెల్లం పాకమే పడుతున్నాం. దయచేసి నూనెలో విచ్చుకోకండి. విచ్చుకున్నా మాకు నష్టం లేదు, గిన్నె సిద్ధంగా ఉంది.

ఇట్లు,
పాకం పట్టేది, పిండి పోసేవాడు

తా.క.: అమ్మమ్మ అరిసెల చెక్కలు మాకు రాలేదు. "నీకెందుకమ్మా, ఇద్దరేగా" అని పెద్దమామయ్యగారింటికి ఇచ్చారు. మేము రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కుకుంటున్నాం. అక్కడ మనుషులు ఆరుగురు. చెక్కలు అటక మీద ఉన్నాయట, అరిసెలు కొట్టు నుంచి వస్తున్నాయట.